సీసా అడుగు చెంచా

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలు దాటింది. జవాబు రాయనందుకు తిట్టుకునే ఉంటావు, తిట్టుకో. పాప బారసాలకి రాలేకపోయినందుకు ఇంకో నాలుగు కలుపుకో. ఇక్కడ అందరం కులాసా. అమ్మ మోకాలు నయం, ఇంటికి సున్నాలు అయిపోయాయి, చిన్నాడికి పరీక్షలు. అంతే. మిగతావి కలిసినప్పుడు చెప్పుకుందాం, ఎందుకంటే నీ ఉత్తరంలో చివర రాసిన ఆ ఒక్క వాక్యం నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు.

"సాయంత్రమయ్యేసరికి పాప ఒకటే ఏడుపు, మా అత్తగారు గ్రైప్ వాటర్ పట్టమంటున్నారు, పట్టొచ్చా?" అన్నావు. ఒక్క ముక్కలో జవాబు: అక్కర్లేదు. నలభై రోజుల పిల్లకి తల్లిపాలు తప్ప ఇంకేమీ వద్దు, ఆరు నెలలదాకా చుక్క నీళ్ళు కూడా వద్దు. ఆవిడ మీద మాత్రం విసుక్కోకు. ఆవిడ చెప్పే సీసాలో విషమేమీ లేదు. సోయికూర గింజల నూనె, తినేసోడా, తీపి, అంతేగా. కానీ ఆ సీసా ఏ ఊళ్ళో పుట్టిందో తెలుసా? ఇంగ్లండ్‌లో ఉన్న నాటింగ్‌హామ్‌లో, 1851లో. తయారుచేసినవాడు విలియం వుడ్‌వర్డ్. అదే కాలంలో అదే ఊళ్ళో పసిపిల్లల నోట్లో ఏం పోసేవాళ్ళో చెబుతాను విను. దాని కోసమే ఈ ఉత్తరం.

దాని పేరు గాడ్‌ఫ్రీస్ కార్డియల్. విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లండ్ మిల్లు ఊళ్ళలో ఇది లేని వీధి లేదు. నాటింగ్‌హామ్‌లో లేసు పని చేసే ఆడవాళ్ళు ఏడిచే బిడ్డకి ఇది పట్టి పనిలో కూర్చునేవాళ్ళని 1843లో బాలకార్మికుల మీద వేసిన కమిషన్ రిపోర్టులోనే ఉంది. వాళ్ళని తప్పు పట్టడానికి నాకు నోరు రాదురా. ముక్కకింత అని కూలి, దీపం నూనె ఖర్చు వేరే, కన్న కొన్నాళ్ళకే పని. బిడ్డ నిద్రపోతేనే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. మిల్లుకెళ్ళే తల్లి బిడ్డని ఎవరో ముసలావిడ దగ్గర వదిలి వెళ్ళేది. ఆ ముసలావిడ దగ్గర అలాంటి పిల్లలు ఇంకా కొందరు, అందరికీ ఒకటే సీసా.

ఆ సీసాలో ఏముందంటే, లాడనం. అంటే సారాయిలో నానబెట్టిన నల్లమందు. దానికి ట్రీకిల్, పంచదార శుద్ధి చేశాక మిగిలే నల్లటి మడ్డి పాకం. సువాసనకి ససాఫ్రాస్ అనే చెట్టు నూనె. మిగతాదంతా నీళ్ళు. ఈ పేరుకి హక్కుదారు అంటూ ఎవరూ మిగల్లేదు, ఏ మందుల షాపువాడైనా తన గాడ్‌ఫ్రీ తనే కలుపుకోవచ్చు. ఒక షాపుకీ ఇంకో షాపుకీ పొంతన ఉండేది కాదు. ఆ గందరగోళం చూసే 1824లో అమెరికాలో ఫిలడెల్ఫియా ఫార్మసీ కాలేజీవాళ్ళు ఒక పద్ధతి రాసి అచ్చువేశారు. లాడనం ఒకటిన్నర పింట్లు (పింట్ అంటే సుమారు అరలీటరు), మడ్డి పాకం 16, సారాయి 2, నీళ్ళు 26, పొటాష్ కార్బనేట్ రెండున్నర ఔన్సులు, ససాఫ్రాస్ నూనె 4 డ్రాములు. పొటాష్‌ని నీళ్ళలో కరిగించి, పాకం పోసి, సన్నని సెగ మీద మరిగీ మరగకుండా ఉంచి, పైకొచ్చిన తెట్టు తీసేసి, సారాయిలో విడిగా కలుపుకున్న లాడనం, నూనె చివర్లో పొయ్యాలి.

ఇప్పుడు మన లెక్కలోకి రా. మొత్తం నలభై అయిదున్నర పింట్లలో లాడనం ఒకటిన్నర, అంటే ముప్పైకి ఒక వంతు. లాడనంలో మార్ఫిన్, అంటే నల్లమందులోని అసలు మత్తు పదార్థం, ఒక శాతం అనుకుంటే, అయిదు మిల్లీలీటర్ల చెంచాలో సుమారు 1.6 మిల్లీగ్రాములు. ఈ రోజుల్లో ఆసుపత్రిలో మీ పాపంత బిడ్డకి నోటి ద్వారా మార్ఫిన్ ఇవ్వక తప్పకపోతే కిలోకి 0.05 నుంచి 0.1 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు, అదీ పక్కన మానిటర్ పెట్టుకుని, ఊపిరి లెక్కపెడుతూ. నాలుగు కిలోల బిడ్డకి ఎంతవుతుందో నువ్వే వేసుకో. గాడ్‌ఫ్రీ ఒక్క చెంచాలో దానికి కనీసం నాలుగు రెట్లు ఉంది. ఇది కమిటీ కూర్చుని జాగ్రత్తగా రాసిన పద్ధతిలో! వీధి చివర కొట్టువాడు చేతికొచ్చినట్టు కలిపిన దాని సంగతి ఏం చెప్పను.

అసలు సంగతికి ఇంకా రాలేదు. నాకు నిద్ర పట్టనివ్వనిది ఈ మోతాదు కాదు. సీసా అడుగు.

మనం మందులు కలపడం నేర్చుకున్న ల్యాబ్‌లో మూడో బెంచీ గుర్తుందా? ఆ ఎర్ర సీసా? మాస్టారు దీపానికి అడ్డంగా పట్టి, "అడుగున ఏం మెరుస్తోందో చూడరా" అని ఒకటే అరుపు. గుర్తొచ్చిందిగా, ఇంక నేను చెప్పక్కర్లేదు. ఆల్కలాయిడ్ అంటే మార్ఫిన్, స్ట్రిక్నిన్ లాంటి మొక్కల ఘాటు పదార్థం కదా, దాని లవణానికి క్షారం తగిలితే లవణం విడిపోయి బేస్ బయటికొస్తుంది. ఆ బేస్ నీళ్ళలో కరగదన్నంత తక్కువ కరుగుతుంది, మెల్లగా అడుగుకి దిగుతుంది. స్ట్రిక్నిన్ (ముష్టి గింజల విషం) మందులో ఆఖరి మోతాదే మనిషిని చంపుతుందని మనకి నూరిపోసింది ఇదే. ఇప్పుడు గాడ్‌ఫ్రీ పద్ధతి మళ్ళీ చూడు. మొదట కరిగించిందే పొటాష్ కార్బనేట్, అది క్షారమే! మడ్డి పాకంలో ఉండే పులుపు ఆ క్షారాన్ని కొంత చంపుతుంది, నిజమే. కానీ కలిపేవాడు పొటాష్ ఒక చెయ్యి ఎక్కువ వేసినా, పాకం పొదుపు చేసి నీళ్ళు ఎక్కువ పోసినా, మార్ఫిన్ కిందికి దిగడం మొదలు. అది ఒక దారి. రెండోది, లాడనం సారాయిలో ఉన్నంతసేపు తేటగానే ఉంటుంది, అన్ని నీళ్ళలో పడేసరికి సారాయి పలచబడి నల్లమందులో సారాయికే కరిగే జిగటంతా విరిగి మడ్డి కడుతుంది. ఇక లాడనం కొనే స్తోమత లేనివాడు నల్లమందునే నూరి కలిపితే, చెప్పేదేముంది, రాత్రికి రాత్రే అడుగు చేరుతుంది. చిక్కటి నల్లటి పాకంలో అడుగున ఏం పేరుకుందో కంటికి కనపడదు. రెండుసార్లు అటూ ఇటూ ఊపితే చిక్కటి పాకం కలవదు కూడా.

ఇప్పుడు ఆ తల్లి చేతిలోంచి చూడు శీనూ. కొత్త సీసా తెచ్చింది. పైన తేలిక మందు. అర చెంచా పోస్తే బిడ్డ కాసేపు పడుకుంది. నాలుగు రోజులకి ఆ అర చెంచా పనిచెయ్యదు, ఎందుకంటే నల్లమందు ఒంటికి అలవాటు పడుతుంది. పైగా మందు ఆపితే బిడ్డ ముందుకన్నా ఎక్కువ ఏడుస్తుంది, చేతులు వణుకుతాయి, విరేచనాలు. తల్లికి అది కడుపునొప్పిలాగే కనిపిస్తుంది. అందుకని ముప్పావు చెంచా, తర్వాత చెంచా. అంటే సీసా సగం దాటేసరికి ఆవిడ పోసే కొలతా పెరిగింది, సీసాలో ఘాటూ పెరిగింది. రెండూ ఒకేసారి. ఆఖరి రోజు, అదే సీసా, అదే చెంచా, అదే చెయ్యి. బిడ్డ మళ్ళీ లేవలేదు. ఆ తల్లి తన వల్ల ఏం తప్పు జరిగిందని వెతుక్కుంటుంది చెప్పు? నిన్న పోసిందే ఇవాళా పోసింది కదా.

ఇది రాస్తుంటే నాకు... సరే, వదిలెయ్.

ఇలా ఒక్కసారిగా పోయినవాళ్ళకన్నా మెల్లగా పోయినవాళ్ళు ఎక్కువ. నల్లమందు మత్తులో ఉన్న బిడ్డకి ఆకలి తెలియదు, పాలకి ఏడవదు, పట్టినా చప్పరించదు. కడుపు కట్టేస్తుంది. తల్లి "మా బిడ్డ బంగారం, అసలు ఏడవదు" అనుకుంటుంది, బిడ్డేమో ఎండిపోతూ ఉంటుంది. 1864లో డాక్టర్ జూలియన్ హంటర్ తూర్పు ఇంగ్లండ్ పల్లెల్లో తిరిగి రాసిన రిపోర్టులో ఈ పిల్లలు చిన్నసైజు ముసలివాళ్ళలా, కోతిపిల్లల్లా ముడుచుకుపోయి ఉన్నారని ఉంది. చావు పుస్తకంలో మాత్రం "బలహీనత" అనో "ఫిట్స్" అనో రాసేవాళ్ళు. నల్లమందు పేరు ఎక్కడా రాదు.

చట్టం లేదా అంటావు. 1868లో ఫార్మసీ చట్టం వచ్చింది. నల్లమందు సీసా మీద "విషం" అని రాయాలి, అమ్మినవాడి పేరూ ఊరూ ఉండాలి. కానీ పేటెంట్ మందులకి మినహాయింపు! ఆ మాటే పెద్ద మోసం, తెలుసుగా. నిజంగా పేటెంటు తీసుకుంటే లోపల ఏముందో రాసివ్వాలి, అందుకని చాలామంది తీసుకునేవాళ్ళే కాదు, పేరుకి మాత్రం పేటెంట్ మందు. పైగా వాటి మీద ప్రభుత్వం స్టాంపు. షిల్లింగు మందుకి ఒకటిన్నర పెన్నీ పన్ను, అందుకే ప్రకటనల్లో అన్నిచోట్లా ఒక షిల్లింగు ఒకటిన్నర పెన్నీ అనే ధర. అది పన్ను కట్టిన గుర్తు మాత్రమే. కొనేవాళ్ళకేమో సర్కారు పరీక్షించి ముద్ర వేసినట్టు కనపడేది. దీని గురించి ఇంకో ఉత్తరమంత రాయాలి, ఇప్పుడు కాదు.

అమెరికాలో మిసెస్ విన్‌స్లో సూదింగ్ సిరప్ అని ఇంకొకటి, 1849 నుంచి. అది మార్ఫినే నేరుగా, ఔన్సుకి 65 మిల్లీగ్రాములు. ఆరు నెలలు దాటిన బిడ్డకి చెంచా చొప్పున రోజుకి మూడు నాలుగుసార్లు పట్టమని కాగితం మీద రాసి ఉండేది. చెంచాకి పదకొండు మిల్లీగ్రాములు. అది పెద్దవాళ్ళ మోతాదురా! 1906 చట్టం లేబుల్ మీద మార్ఫిన్ పేరు రాయించేదాకా ఎంతమంది తల్లులకి లోపల ఏముందో తెలియదు. 1911లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ దాన్ని "పసిపిల్లల హంతకులు" అనే శీర్షిక కింద చేర్చింది.

మనవైపు ఇది లేదనుకోకు. బొంబాయి బట్టల మిల్లుల్లో పనికెళ్ళే తల్లులు పిల్లలకి నల్లమందు కలిసిన బాలగోలీలు పెట్టేవాళ్ళు, 1920ల దాకా రిపోర్టుల్లో ఉంది. మన పద్మశాలీలు ఎంతమంది ఆ మిల్లుల్లో బతికారో నీకు తెలుసు.

అందుకే ఆ నాటింగ్‌హామ్ గ్రైప్ వాటర్ అంటే నాకు ఒక మూల గౌరవం. నల్లమందు లేకుండా పిల్లల సీసా అమ్మొచ్చని ఆ ఊళ్ళోనే ఒకడు చూపించాడు. పాతదాంట్లో 3.6 శాతం ఆల్కహాల్ ఉండేది, ఇప్పుడు మన దగ్గర అమ్మేదాంట్లో లేదు. అయినా మీ పాపకి అక్కర్లేదు, కారణం ఇది: సాయంత్రం ఏడుపు ఆరో వారం దగ్గర బాగా పెరిగి, మూడు నాలుగు నెలలకి దానంతటదే తగ్గుతుంది. ఆ మధ్యలో ఏ సీసా పట్టినా ఆ సీసాకే పేరొస్తుంది. గాడ్‌ఫ్రీకి పేరొచ్చిందీ ఇలాగే. అత్తగారితో ఈ ముక్క నెమ్మదిగా చెప్పు. పాప పాలు బాగా తాగుతూ, తడుపుతూ, బరువు పెరుగుతుంటే భుజాన వేసుకుని తేన్పు తెప్పించండి చాలు. జ్వరం, పచ్చటి వాంతి, పాలు మానెయ్యడం, వీటిలో ఏది కనపడినా డాక్టరు దగ్గరికే, నాకు ఉత్తరం కాదు. వస కొమ్ము అరగదీసి నాకించడం కూడా వద్దని నేను చెప్పానని చెప్పు, ఎందుకంటే

కొరియర్ కుర్రాడు గుమ్మంలో నిలబడ్డాడు. పార్సిల్‌లో పాపకి వెండి ఉగ్గుగిన్నె, అమ్మ పంపింది. ఆరు నెలలు దాటాకే తియ్యి. అడుగున కొలత గీతలున్న ప్లాస్టిక్ సిరంజి పెట్టాను, డాక్టరు ఏ మందు రాసినా దాంతోనే కొలువు, చెంచాతో కాదు. వస సంగతి రేపు ఫోన్లో

నీ
రాంబాబు