చూసే పిల్లలు, వినే పిల్లలు, గెంతే పిల్లలు

సంపాదకుల వారికి నమస్కారములు.

చూసి నేర్చుకుంటారా, విని నేర్చుకుంటారా, ఆడి నేర్చుకుంటారా అని పిల్లల ‘అభ్యసన శైలి’ని గుర్తించి అందుకు తగినట్లు బోధించడంపై మా మండలంలో ఉపాధ్యాయులకు రెండు రోజులు శిక్షణ ఇచ్చిన సంగతి పది రోజుల క్రితం మీ జిల్లా పేజీలో ఫొటోతో సహా ప్రచురించారు. ఫొటోలో వేదికపై పదకొండు మంది అధికారులు ఉన్నారు గానీ, శిక్షణ పొందిన ఉపాధ్యాయులు ఒక్కరూ కనబడలేదు. 35 ఏళ్లు ప్రాథమిక పాఠశాలల్లో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి కనుక, మనకెందుకులే అని ఊరుకుందామనుకున్నాను. కానీ మొన్న మా వీధిలో ఉండే ఒక ఉపాధ్యాయిని ఆ శిక్షణలో ఇచ్చిన ప్రశ్నావళిని తెచ్చి చూపించాక ఊరుకోబుద్ధి కాలేదు.

రెండో తరగతి పిల్లవాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని అందులోని ప్రశ్నలు అడగాలట. నీకు బొమ్మలు చూడడం ఇష్టమా, కథ వినడం ఇష్టమా, ఆడుతూ నేర్చుకోవడం ఇష్టమా? ఏడేళ్ల వాడు ఏం చెబుతాడు? మూడూ ఇష్టమే అన్నాడు. అని ఊరుకోక, ఆవిడ ఆలోచనలో పడిన ఆ కాసేపట్లో కాగితం తిప్పి వెనకవైపు పెన్సిలుతో ఎద్దు బొమ్మ వేశాడు. ఏం రాయమంటారని ఆవిడ ఫోన్ చేసి అడిగితే, ఏదో ఒకదానికి టిక్కు పెట్టండి, గడి ఖాళీగా ఉంటే యాప్ తీసుకోదు అని పైనుంచి సమాధానం వచ్చింది. ఆ విధంగా ఆ పిల్లవాడు ప్రభుత్వ లెక్కల్లో ‘దృశ్య అభ్యాసకుడు’ అయ్యాడు. వాడి పక్కన కూర్చునే పిల్ల, గడులు సమానంగా నిండాలి కనుక, ‘శ్రవణ అభ్యాసకురాలు’ అయింది.

ఇదేదో నిన్న మొన్న కనిపెట్టిన శాస్త్రమని శిక్షకులు చెప్పారట. న్యూజిలాండ్‌కు చెందిన నీల్ ఫ్లెమింగ్ ఇలాంటి విభజనను 1992లోనే ప్రచారంలోకి తెచ్చారు. ఆయన చెప్పినవి నాలుగు రకాలు. చదివి, రాసి నేర్చుకునేవారు అందులో ఒక రకం. మా మండలానికి వచ్చిన కాగితంలో ఆ రకం లేనే లేదు. బడిలో చదవడం, రాయడం అక్కర్లేదని ముందే తీర్మానించుకున్నారేమో తెలియదు. 2008లో హెరాల్డ్ పాష్లర్, మరో ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు కలిసి ఈ శైలుల మీద అప్పటిదాకా జరిగిన పరిశోధనలన్నీ పరిశీలించి, పిల్లల శైలికి తగ్గట్టు బోధిస్తే ఎక్కువ నేర్చుకుంటారనడానికి సరైన ఆధారం లేదని తేల్చారు. శిక్షణలో పదే పదే పేరెత్తిన అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త హోవర్డ్ గార్డ్‌నర్ కూడా, తెలివి ఒకటి కాదు పలు రకాలంటూ 1983లో తాను ప్రతిపాదించిన బహుళ ప్రజ్ఞలకూ ఈ అభ్యసన శైలులకూ ముడిపెట్టవద్దని తర్వాత స్వయంగా చెప్పుకోవాల్సి వచ్చింది. ఇవన్నీ తెలుసుకోవడానికి విదేశీ పర్యటనలు అక్కర్లేదు. శిక్షణ సామగ్రి తయారుచేసేవారు ఒక పూట కూర్చుని చదివితే చాలు.

అంటే పిల్లలందరూ ఒకటేనని నేననడం లేదు. ఒక్క రోజు తరగతిలో నిలబడినవారెవరూ ఆ మాట అనరు. సంతలో తండ్రి పక్కన కూర్చుని కూరగాయలమ్మే పిల్లవాడు ఒకడు నా దగ్గర మూడో తరగతి చదివేవాడు. 52 లోంచి 27 తీసివేయమంటే పలక మీద 35 వేసేవాడు. ఏడులోంచి రెండు తీస్తే ఐదు, ఐదులోంచి రెండు తీస్తే మూడు. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీయడమే వాడికి తెలిసిన తీసివేత. ఒక ఆదివారం సంతలో వాడి దగ్గరే వంకాయలు కొన్నాను. ఇరవై ఏడు రూపాయలైతే యాభై కాగితం, రెండు రూపాయల బిళ్ల ఇచ్చాను. క్షణంలో పాతిక రూపాయలు తిరిగి నా చేతిలో పెట్టాడు. ఎలా లెక్క కట్టావురా అంటే, “మూడు కలిపితే ముప్పై, ఇరవై కలిపితే యాభై, పైన రెండు మాస్టారూ” అన్నాడు. మూడు వారాలుగా ఆ పలక మీద కొట్టివేతలు పెడుతున్నందుకు నాకు సిగ్గేసింది. మర్నాడు చీపురు పుల్లలు పది పదిగా కట్టి, ఒక కట్ట విప్పి, విడి పుల్లల్లో కలిపి తీయించాను. వాడు చేత్తో తీశాడు, పైకి చెప్పాడు, ఆ తర్వాత రాశాడు. మరి వాడు దృశ్యమా, శ్రవణమా, గెంతే రకమా? వాడితోపాటు తరగతిలో మిగతా పద్దెనిమిది మంది కూడా ఆ పుల్లలతోనే ఆ లెక్క నేర్చుకున్నారు. ఎలా చెప్పాలన్నది పాఠాన్ని బట్టి ఉంటుంది. తీసివేతకు ఎవరికైనా పుల్లలు కావాలి, వేమన పద్యం ఎవరికైనా చెవిన పడాలి, జిల్లా పటం ఎవరికైనా కంటికి కనబడాలి. పిల్లవాణ్ణి బట్టి తెలుసుకోవలసింది వాడు ఎక్కడిదాకా వచ్చి ఎక్కడ ఆగిపోయాడన్నది. అది టిక్కులు పెడితే తెలియదు.

సీతంపేట వైపు ఒక కొండ ఊళ్లో పనిచేసినప్పుడు ఒక సవర గిరిజన పిల్ల నాలుగు నెలలు నోరు విప్పలేదు. ‘మందకొడి’ అని నేనే రిజిస్టరులో రాశాను, దాచుకోవడమెందుకు? ఒకనాడు మధ్యాహ్న భోజనం వండే ఆవిడతో వాళ్ల భాషలో ఆ పిల్ల గలగలా మాట్లాడుతుంటే గుమ్మంలో నిలబడి విన్నాను. ఆ పిల్లకు రానిది నా తెలుగు, నాకు రానిది ఆ పిల్ల సవర. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉండి సవర నేర్చుకుని, ఆ పిల్లల కోసం వారి భాషలోనే పుస్తకాలు రాసి, బడులు పెట్టి నూరేళ్లు దాటింది. 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో మొదలుపెట్టిన బహుభాషా విద్యకు ఆ తర్వాత ఎంతమంది ఉపాధ్యాయులను, ఎన్ని పుస్తకాలను ఇచ్చారో అధికారులే చెప్పాలి. ఏటా ఆగస్టు 29న గిడుగు వారి పటానికి దండ వేసి ఫొటో అప్‌లోడ్ చేయడం మాత్రం మరువరు.

అసలు ఇందులో కొత్తేముంది? బ్రిటిష్ సాయంతో 1980లలో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం, మా నోళ్లలో ‘అప్పెప్’, మాకు నేర్పిన ఆరు సూత్రాల్లో పిల్లల వ్యక్తిగత భేదాలను పట్టించుకోవడం ఒకటి. ఆరింటినీ చార్టు మీద రాసి ప్రతి బడి గోడకూ అంటించాం. పథకం వెళ్లిపోయింది, చార్టు చెదలు తినేసింది. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ విద్యాసంస్థలో, ఒకే గదిలో వేర్వేరు తరగతుల పిల్లలు ఎవరి వేగంతో వారు మెట్టు మెట్టుగా ముందుకు వెళ్లేలా కార్డులు, అభ్యసన నిచ్చెన తయారుచేసి ‘పెట్టెలో బడి’ అని చూపించారు. ఇవాళ జ్వరమొచ్చి బడికి రాని పిల్ల రేపు వచ్చి తాను ఆగిన కార్డు దగ్గరే మొదలుపెడుతుంది. కర్ణాటకవాళ్లు అది చూసి 1995లో హెచ్‌డీ కోటె తాలూకాలో ‘నలి కలి’ (ఆడుతూ నేర్చుకో) పెట్టారు. చెన్నై కార్పొరేషన్ బడులు 2003లో అందుకున్నాయి. మన రాష్ట్రంలో పుట్టినది పక్క రాష్ట్రాల్లో బడులకెక్కింది. మన దగ్గర మాత్రం లామినేషన్ చేయించిన కార్డులు తాళం వేసిన బీరువాలో ఉంటాయి. తనిఖీకి ఎవరైనా వస్తే తీస్తారు.

గ్రామీణ పిల్లల చదువులపై ‘ప్రథమ్’ సంస్థ జరిపే సర్వే ‘అసర్’ 2024 నివేదిక ప్రకారం దేశంలోని గ్రామీణ ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 23.4 శాతమే. అందుకే ఇటీవలి ఏళ్లలో తెచ్చిన, తరగతితో నిమిత్తం లేకుండా స్థాయిని బట్టి పిల్లలను కూర్చోబెట్టి రోజూ కాసేపు చెప్పే పద్ధతి నాకు నచ్చింది. తెలంగాణలో 2022లో పెట్టిన ‘తొలిమెట్టు’ కూడా ఇంచుమించు ఆ దారిదే. అది నిలదొక్కుకోకముందే దాని నెత్తిన ఈ శైలుల కాగితం తెచ్చి పెట్టారు. ప్రభుత్వం మారితే పథకం పేరు మారుతుంది, కమిషనర్ మారితే రిజిస్టరు మారుతుంది. ఉపాధ్యాయుడు పాతవీ కొత్తవీ రెండూ నింపుతూ ఉంటాడు.

విద్యాహక్కు చట్టం చెప్పిన ప్రకారం అరవై మంది లోపు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులుండాలి. ఇప్పటికీ ఒకరితోనే నడిచే బడులు మా మండలంలోనే ఉన్నాయి. ఆ ఒక్కరే ఐదు తరగతులు చూసుకోవాలి. హాజరు యాప్‌లో వేయాలి, కోడిగుడ్ల లెక్క పంపాలి, సిగ్నల్ కోసం చెరువుగట్టెక్కాలి. జనగణన, ఎన్నికలు, విపత్తులు తప్ప వేరే బోధనేతర పనులకు ఉపాధ్యాయులను వాడకూడదని అదే చట్టం 27వ సెక్షన్‌లో ఉంది. ఆ సెక్షన్ మీద కూడా ఒక రెండు రోజుల శిక్షణ పెడితే బాగుంటుంది. వేదిక మీద కూర్చున్న ఆ పదకొండు మందికి. బోధనోపకరణాలు చేసుకోవడానికి టీఎల్‌ఎం గ్రాంటు అని వెనకటికి ఏడాదికి ఉపాధ్యాయుడికి 500 రూపాయలు ఇచ్చేవారు. దానితో అట్టలు, రంగులు, దారం కొనుక్కునేవాళ్లం. ఇప్పుడు గోడకు పెద్ద తెర బిగించారు. కరెంటు లేని పూట పుల్లల కట్టకున్న పాటి ఉపయోగం కూడా దానితో లేదు.

మీ విలేకరిని ఈసారి శిక్షణ హాలుకు కాకుండా మా మండలంలోని ఏదైనా ఏకోపాధ్యాయ పాఠశాలకు పంపి, ఉదయం ప్రార్థన నుంచి భోజనాల గంట దాకా కూర్చోబెట్టవలసిందిగా కోరుతున్నాను. ఆ మూడున్నర గంటల్లో ఎన్ని నిమిషాలు పాఠానికి, ఎన్ని నిమిషాలు ఫోనుకు పోయాయో గడియారం చూసి రాసి ప్రచురిస్తే చాలు. ఆ ప్రశ్నావళి నకలు, ఆ ఉపాధ్యాయిని పేరు కొట్టివేసి, దీనితో జతపరుస్తున్నాను. వెనకవైపు ఎద్దు బొమ్మ ఉంది. కొమ్ములు బాగా కుదిరాయి.

ఇట్లు,
ఒక విశ్రాంత ప్రాథమికోపాధ్యాయుడు,
పార్వతీపురం మన్యం జిల్లా