నకలు ఉన్నందుకే దొరికిన రోమన్ ఫలకం

సంపాదకుడు గారికి నమస్కారం.

అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ నగరంలో 2025 మార్చిలో ఒక దంపతులు పెరడు శుభ్రం చేసుకుంటుండగా లాటిన్ అక్షరాలున్న పాలరాయి బయటపడిన వార్తను మనవాళ్లు చాలామంది వింతల కింద జమకట్టి వదిలేశారు. రోమన్ సమాధి దొరికిందని రాసినవారూ ఉన్నారు. దొరికింది సమాధి కాదు, సమాధి దగ్గర నిలిపే ఫలకం మాత్రమే. దాని కింద పడుకున్న మనిషి అమెరికాకు ఎన్నడూ రాలేదు.

ఆ మనిషి పేరు సెక్స్తుస్ కొంగేనియుస్ వేరుస్. క్రీ.శ. 2వ శతాబ్దానికి చెందిన ఆ ఫలకం 'దిస్ మానిబుస్' అన్న మాటలతో మొదలవుతుంది. పితృదేవతలకు అని అనువదించాలనిపిస్తుంది గానీ, చనిపోయినవారి ఆత్మలకు అన్నదే దానికి దగ్గరి అర్థం. ఆ తరువాతి నాలుగు ముక్కల్లోనే ఒక జీవితం ఉంది. ఆయన ఇటలీ తీరంలోని మిసేనుమ్ రేవులో ఉండే రోమన్ నౌకాదళంలో సైనికుడు, ఇప్పటి బల్గేరియా వైపున్న థ్రేస్ ప్రాంతపు బెస్సీ తెగవాడు, అస్క్లేపియుస్ అనే మూడు వరుసల తెడ్ల ఓడలో పనిచేశాడు, 42 ఏళ్లు బతికి అందులో 22 ఏళ్లు కొలువు చేశాడు. లెక్క వేసి చూడండి. ఇరవయ్యో ఏట చేరినవాడు. ఆ కాలంలో నౌకాదళంలో 26 ఏళ్లు పూర్తి చేసినవారికి సెలవు ఇచ్చేటప్పుడు రోమన్ పౌరసత్వం, చట్టబద్ధమైన వివాహ హక్కు కంచురేకు మీద చెక్కి ఇచ్చేవారు. ఈయనకు ఇంకా నాలుగేళ్లు మిగిలి ఉండగానే ఆయువు తీరింది. ఫలకం పెట్టించింది భార్యా కాదు, బిడ్డలూ కాదు. అతీలియుస్ కారుస్, వెత్తియుస్ లాంగీనుస్ అనే ఇద్దరు వారసులు. తోటి నావికులే అయి ఉంటారు. పెట్టించినవారు తమ పేర్లు కూడా చెక్కించుకోవడం రోమన్ ఫలకాల్లో మామూలే. గుళ్లో ఫ్యాను రెక్కల మీద దాత పేరు రాయించే మనకు ఇది కొత్తగా తోచదు.

నేను ఈ ఉత్తరం రాయడానికి కారణం మాత్రం వేరే. ఆ రాయి ఎవరిదో, ఏ ఊరిదో అంత త్వరగా ఎలా తేలింది? ఇంటివారు తమ పెరడు ఏదైనా పాత శ్మశానమేమోనని కంగారుపడి పండితులకు ఫొటోలు పంపారు. అక్కడి తులేన్ విశ్వవిద్యాలయ ఆచార్యురాలు ఒకరు ఆ వాక్యాన్ని వెతికితే, ఇటలీలోని చివితావెక్యా రేవుపట్టణంలో 19వ శతాబ్దంలో దొరికి, అక్కడి మ్యూజియం జాబితాలో కనిపించడం లేదని నమోదైన ఫలకం పాఠం అక్షరం పొల్లుపోకుండా సరిపోయింది. కొలతలూ సరిపోయాయి. ఆ మ్యూజియం రెండో ప్రపంచయుద్ధంలో బాంబుల దెబ్బకు ధ్వంసమైంది. రాయి పోయింది గానీ, రాతిమీది రాత అప్పటికే కాగితం మీదికి ఎక్కి ఉంది. 1853లో బెర్లిన్ అకాడమీ అండతో జర్మన్ పండితుడు థియొడోర్ మామ్సెన్ మొదలుపెట్టిన లాటిన్ శాసనాల మహాసంపుటాల పని వంటివి ఆ దేశాల్లో ఈ అలవాటును స్థిరపరిచాయి. సగం విరిగిన సమాధిరాయి కూడా వాళ్లకు నకలు తీయదగినదే.

వార్త బయటికి వచ్చాక, ఆ ఇంటి పాత యజమానురాలు అది తన తాతగారి వస్తువని చెప్పారు. యుద్ధకాలంలో ఇటలీలో పనిచేసిన ఆ సైనికుడు దాన్ని ఇంట్లో అద్దాల బీరువాలో పెట్టుకున్నారట. తరువాతి తరానికి అదేమిటో తెలియక తోటలో అలంకారంగా పెట్టి, ఇల్లు అమ్మేటప్పుడు మరిచిపోయారు. ఆ కుటుంబాన్ని దొంగలని తిట్టినవారిని చూశాను, అది తొందరపాటు. ఆ సైనికుడి చేతికి అది ఎలా వచ్చిందో ఆయనతోనే పోయింది. ఫలకాన్ని ఎఫ్‌బీఐ కళానేరాల విభాగానికి అప్పగించారు, ఇటలీకి పంపడానికి.

ఇప్పుడు మా ఊరి సంగతి చెబుతాను. ఎం.ఏ. చదివే రోజుల్లో మా శివాలయం స్తంభం మీది శాసనానికి నకలు తీస్తుంటే నీళ్ల బిందె పట్టుకుని పక్కన నిలబడ్డాను. రాతిని కుంచెతో కడిగి, తడికాగితం పరిచి, గట్టి బ్రష్‌తో అక్షరాల గుంటల్లోకి దిగేదాకా కొట్టి, ఆరీ ఆరకముందే సిరా గుడ్డముద్దతో అద్దితే, నల్లటి కాగితం మీద తెల్లటి అక్షరాలు తేలివచ్చాయి. ఈమధ్య వెళ్లి చూస్తే ఆ స్తంభానికి ఎనామిల్ రంగు పూతలు పూతలుగా వేసి ఉంది, గుంటలన్నీ పూడిపోయాయి. అయినా దిగులు లేదు, నకలు ఉంది. చెరువు కట్ట మీది వీరగల్లుకు ఆ భాగ్యం కలగలేదు. అదీ ఒక చనిపోయిన సైనికుడి కోసం నిలిపిన రాయే. కత్తి పట్టిన మనిషి బొమ్మ కింద నాలుగు వరుసల రాత ఉండేది. కట్ట పనులప్పుడు అది కనిపించకుండా పోయింది. రేపు అది ఏ ఫామ్‌హౌస్ పచ్చికలో తేలినా, మాదేనని చెప్పడానికి మా దగ్గర ఒక్క కాగితం లేదు.

1880ల నుంచీ పురావస్తు శాఖవారు తీసిన నకళ్ల వల్లే మన శాసనాలు ఎన్నో బతికాయి. అయితే పొలం గట్ల మీద, కట్టల మీద ఉన్న రాళ్లన్నిటికీ వారి చేతులు చాలవు. రెండు తెలుగు రాష్ట్రాల పురావస్తు శాఖలు ఊరివారీగా ఫొటో, కొలతలు, పాఠం ఉన్న జాబితాను ఎవరైనా చూసుకునేలా పెట్టాలి. ఆ లోపు బడి పంతుళ్లు, పిల్లలు చేయగలిగింది ఉంది: సాయంత్రపు ఏటవాలు ఎండలో, పక్కన స్కేలు పెట్టి, సెల్‌ఫోన్‌తో నాలుగు వైపులా ఫొటోలు తీసి పంచాయతీలో ఒక ప్రతి దాచడం.

మీకూ ఒక విన్నపం. మీ జిల్లా పేజీల్లో శాసనం దొరికిందన్న వార్త వేసినప్పుడల్లా, చుట్టూ నిలబడిన పెద్దమనుషుల ఫొటో తగ్గించి, ఆ రాతి ఫొటో, దాని కొలతలు, చదవగలిగినంత పాఠం అచ్చు వేయించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు