గాజా ర్యాలీల్లో యూదు ద్వేషం ఏ దారిన దూరుతుంది?

సంపాదకులకు నమస్కారం.

గాజా మీద ధర్నా అంటే మన దగ్గర హన్మకొండ ఏకశిలా పార్కో, అంబేద్కర్ సెంటరో, వరంగల్ చౌరస్తానో గుర్తుకొస్తుంది. ఆ ధర్నాలు న్యాయమైనవేనని మా అభిప్రాయం. 2023 అక్టోబర్ 7న హమాస్ దాడిలో దాదాపు 1,200 మంది చనిపోయారు, 251 మందిని బందీలుగా ఎత్తుకుపోయారు. ఆ తర్వాతి యుద్ధంలో గాజా మృతుల సంఖ్య, అక్కడి ఆరోగ్యశాఖ లెక్క ప్రకారం, 2025 జులై చివరికే 60 వేలు దాటింది. దీనికి రోడ్డెక్కకపోతే ఇంక దేనికి ఎక్కుతాం?

అయితే ఇజ్రాయెల్ ప్రభుత్వం మీద పెట్టుకున్న ధర్నా, ఎవరూ అనుకోకుండానే, యూదుల మీద ధర్నాగా మారే చోట్లు కొన్ని ఉంటాయి. పర్మిషన్ కాగితం మొదలు మైకు సెట్టు దాకా ఏర్పాట్లు చూసేవాళ్లకు ఆ చోట్లు బాగా తెలుసు. నాయకుల ఉపన్యాసాల్లో అవి దాదాపు కనపడవు. ఫ్లెక్సీ షాపులో, దిష్టిబొమ్మ కట్టే చోట, మైకు చేతులు మారే నిమిషంలో కనపడతాయి. వాటి గురించే ఈ ఉత్తరం.

ముందు ఫ్లెక్సీ సంగతి. ర్యాలీ ముందు పట్టుకునే బ్యానర్ మామూలుగా 10 అడుగుల పొడవు, 3 అడుగుల ఎత్తు. ముందురోజు చీకటి పడ్డాక ఎవరో ఒకరు డీటీపీ సెంటర్‌కు ఫోన్ చేసి "గాజాది ఒకటి కొట్టు అన్నా, పొద్దుగాల తీసుకుంటం" అంటారు. మ్యాటర్ వాట్సాప్‌లో పోతుంది, బొమ్మ పోదు. బొమ్మను డిజైన్ చేసే పిల్లగాడికి వదిలేస్తారు. అతను నెట్‌లో వెతికితే దొరికే బొమ్మలు చూడండి: భూగోళాన్ని చుట్టేసిన ఆక్టోపస్, దాని నెత్తిన ఆరు కోణాల నక్షత్రం, డాలర్ల మూట పట్టుకున్న వంకర ముక్కు మనిషి, పిల్లల నెత్తురు తాగుతున్న నోరు. ఇవేవీ గాజా కోసం గీసినవి కావు. వంకర ముక్కు, డబ్బు మూట, ఆక్టోపస్ నాజీల ప్రచారంలో నలిగిన సరుకు. అలాంటి బొమ్మలతో పత్రిక నడిపిన జూలియస్ స్ట్రైషర్‌ను న్యూరెంబర్గ్ విచారణ తర్వాత 1946లో ఉరి తీశారు. పిల్లల నెత్తురు ఆరోపణ ఇంకా పాతది. ఇంగ్లండ్‌లోని నార్విచ్‌లో 1144లో ఒక బాలుడు చనిపోతే యూదులే బలి ఇచ్చారని పుట్టించిన కథ అది. ఆ కథ చెప్పి యూరప్‌లో వందల ఏళ్లు యూదులను చంపారు. గాజాలో పిల్లలు నిజంగానే చనిపోతున్నారు కదా అంటారు. అవును, అందుకే ఆ పిల్లల ఫొటో వేయండి, కూలిన బడి వేయండి, ఖాళీ గిన్నె పట్టుకున్న చేయి వేయండి. నెత్తురు తాగే నోరు వేయగానే చూసేవారికి గాజా కనపడదు, నార్విచ్ కనపడుతుంది.

దీనికి మందు చాలా చిన్నది. మ్యాటర్‌తోపాటే బొమ్మ కూడా పంపాలి. ప్రింటు కొట్టే ముందు ప్రూఫ్ ఫోన్‌కు తెప్పించుకుని ఇద్దరు చూడాలి; ఒక్కరే చూస్తే స్పెల్లింగ్ చూస్తారు గానీ బొమ్మ చూడరు. ఆరు కోణాల నక్షత్రం ఒంటరిగా ఎక్కడా ఉండకూడదు. అది యూదుల ప్రార్థనామందిరాల మీద, సమాధుల మీద ఉండే గుర్తు. ఇజ్రాయెల్ రాజ్యాన్ని చూపించాలనుకుంటే పైనా కిందా నీలి చారలతో పూర్తి జెండా వేయాలి. ఆ నక్షత్రంలోకి హిట్లర్ స్వస్తికను దూర్చే డిజైన్ ఒకటి బాగా తిరుగుతుంటుంది. దాన్ని వదిలేయడమే మేలు. హిట్లర్ చంపిన 60 లక్షల మంది యూదుల మనవలకు అది ఎలా తగులుతుందో సరే, స్వస్తిక్‌ను గడపల మీద, కొత్త బండ్ల మీద పెట్టుకునే మన ఊళ్లో ఆ బొమ్మ ఇంకో తగువు తెస్తుంది.

దిష్టిబొమ్మ దగ్గర తప్పు మరోలా జరుగుతుంది. వరిగడ్డి, పాత ప్యాంటు, చొక్కా, కట్టెలు అన్నీ ఉంటాయి. తల దగ్గరికి వచ్చేసరికి "ఇజ్రాయెలోడు లెక్క కనపడాలె" అని నల్ల టోపీ, గడ్డం, చెవుల పక్క జడల్లాంటి పోగులు పెడతారు. ఇక తగలబడేది నెతన్యాహు కాదు, ఏ న్యూయార్క్‌లోనో ప్రార్థనకు పోయే ఒక ముసలి యూదుడు. నెతన్యాహు గడ్డం పెంచడు, నల్ల టోపీ పెట్టడు. సూటు, టై, ముఖానికి ఏ4 సైజులో అతని ఫొటో, ఛాతీ మీద పేరు ఉంటే చాలు. మంత్రులు బెన్ గ్విర్, స్మోత్రిచ్‌లకు గడ్డమూ ఉంది, నెత్తిన చిన్న టోపీ కూడా ఉంటుంది. వాళ్ల బొమ్మ పెట్టదలిస్తే పేరు లేకుండా అసలే పెట్టొద్దు.

అన్నిటికంటే జారుడు చోటు మైకు. మొదటి ఇరవై నిమిషాలు అంతా రాసుకున్నట్టే నడుస్తుంది. తర్వాత నినాదాలిచ్చేవారి గొంతు పోతుంది, పక్కనున్న కుర్రాడు మైకు అందుకుంటాడు. అతని చేతిలో కాగితం ఉండదు. "ఇజ్రాయెల్ ప్రభుత్వ దురాక్రమణ విధానాలు నశించాలి" అన్నది నడుస్తూ అరిచే నినాదం కాదు, ఊపిరి అందదు. "యూదులు" అనే మాట దరువులో సులువుగా ఇముడుతుంది. తప్పు సగం అక్కడే పుడుతుంది, ద్వేషం కంటే దరువే ఎక్కువ పని చేస్తుంది. కనుక నినాదాలు మొదటే పొట్టిగా రాసుకోవాలి. "గాజాపై దాడులు - ఆపాలి ఆపాలి", "నెతన్యాహు - డౌన్ డౌన్", "ఆయుధాల వ్యాపారం - బంద్ చేయాలి". ఇలాంటివి పదో పన్నెండో, తెలుగులోనూ ఉర్దూలోనూ, పెద్ద అక్షరాల్లో ఒక కాగితానికి ఒకవైపే ప్రింటు తీసి మైకుకే కట్టాలి. మైకు ముగ్గురి మధ్యే తిరగాలి. ఆ ముగ్గురి పేర్లు ఆటో మైకువాడికీ చెప్పి ఉంచాలి, ఇంకెవరడిగినా సౌండు తగ్గించమని.

బయటి నుంచి వచ్చే నినాదాల్లో రెండింటి సంగతి చెప్పాలి. "ఖైబర్, ఖైబర్" అంటూ సాగే అరబ్బీ నినాదం 628లో యూదులు ఓడిన యుద్ధాన్ని గుర్తుచేసి, ఆ సైన్యం మళ్లీ వస్తుందని యూదులనే బెదిరిస్తుంది. అందులో పాలస్తీనా పేరే లేదు. దాన్ని ఒక్కసారి కూడా సాగనివ్వకూడదు. "నది నుంచి సముద్రం దాకా" అన్నది అంత తేలిక లెక్క కాదు. అందరికీ సమాన హక్కులని అర్థం చెప్పేవారూ ఉన్నారు, యూదులు వెళ్లిపోవాలని వినేవారూ ఉన్నారు. సముద్రానికి, జోర్డాన్ నదికి మధ్య ఇజ్రాయెల్ సార్వభౌమత్వం మాత్రమే ఉంటుందని 1977లో నెతన్యాహు పార్టీ అయిన లికుడ్ తన ప్రణాళికలోనే రాసుకుంది. ఆ సంగతి మాత్రం ఎవరూ గుర్తుచేయరు. మా మాట ఏమంటే, అర్థం విడమరిచి చెప్పడానికి వేదిక ఉంటే వాడండి, నడిచే ర్యాలీలో వద్దు.

ఒక్క నినాదం ఏం చేస్తుందో సిడ్నీ చూసింది. 2023 అక్టోబర్ 9న అక్కడి ఒపేరా హౌస్ ముందు జరిగిన ప్రదర్శనలో "యూదులను గ్యాస్ పెట్టి చంపండి" అన్నారంటూ ఒక వీడియో లోకమంతా తిరిగింది. ఆ మాటలు "యూదులెక్కడ" అని నిపుణుడు తేల్చినట్టు దాదాపు నాలుగు నెలల తర్వాత పోలీసులు ప్రకటించారు. కానీ యూదులను బూతులు తిట్టిన ఇంకో నినాదం మాత్రం నిజమేనని కూడా తేలింది. "యూదులెక్కడ" అన్నది మాత్రం మంచి మాటా? ఆ ప్రదర్శన ఎందుకు పెట్టారో ఇవాళ ఎవరికీ గుర్తులేదు.

ఫోన్లలో తిరిగేవి ర్యాలీకి ముందూ తర్వాతా కూడా పనిచేస్తాయి. "యూదులందరినీ చంపగలిగేవాణ్ని, ఎందుకు చంపానో మీకు తెలియాలని కొందరిని వదిలాను" అని హిట్లర్ అన్నట్టుగా ఒక ఫార్వర్డ్ గాజాలో యుద్ధం వచ్చినప్పుడల్లా లేస్తుంది. హిట్లర్ ఆ మాట అన్నట్టు ఎక్కడా ఆధారం లేదు, అది కల్పితం. లోకాన్ని ఏలడానికి యూదు పెద్దలు రహస్యంగా రాసుకున్న పథకమంటూ తిరిగే పత్రం 1903లో రష్యాలో అచ్చయిన నకిలీ. అది ఫ్రెంచిలో 1864లో వచ్చిన ఒక రాజకీయ వ్యంగ్య రచన నుంచి ఎత్తిరాసిందని లండన్ టైమ్స్ 1921లోనే పక్కపక్కన పెట్టి చూపించింది. రోత్‌షీల్డ్ అనే యూదు బ్యాంకర్ల కుటుంబం చేతిలోనే లోకంలోని రిజర్వ్ బ్యాంకులన్నీ ఉన్నాయన్న కథ కూడా ఆ తాను ముక్కే. పాలస్తీనాలో యూదులకు జాతీయ నివాసం ఏర్పాటును సమర్థిస్తూ బ్రిటిష్ మంత్రి బాల్ఫోర్ 1917 నవంబర్ 2న ఇచ్చిన ఉత్తరం ఒక రోత్‌షీల్డ్ పేర రాసింది నిజం. ఆ ఒక్క నిజం మీద వంద అబద్ధాలు కట్టారు. ర్యాలీ వాట్సాప్ గ్రూపులో అడ్మిన్లు మాత్రమే పోస్టు చేసేలా సెట్టింగు మార్చి, టైము, స్థలం, నినాదాలు తప్ప ఇంకేమీ పెట్టకపోతే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

ఇదంతా ఎవరో పాశ్చాత్యుల బాధ, మన దగ్గర యూదులే లేరు కదా అనేవారున్నారు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే చిన్న సముదాయం ఉంది. వాళ్లు తెలుగు మాట్లాడే మాదిగలు, యూదు మతం పాటిస్తారు. 1971లో ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగుబాటు ఏర్పాట్లు నడిపిన జనరల్ జాకబ్ కలకత్తా యూదుడు. 2008 నవంబర్ ఉగ్రదాడిలో ముంబైలోని యూదు కేంద్రం నారిమన్ హౌస్‌లో చంపేసినవారిని యూదులైనందుకే వెతికి పట్టుకున్నారు. జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి ఇజ్రాయెల్ పోయి అక్కడి ముసలివాళ్లకు సేవ చేస్తూ ఇంటికి డబ్బు పంపుతున్నవారూ ఉన్నారు.

తెలంగాణవాళ్లకు ఇంకా దగ్గరి లెక్క ఒకటుంది. పరకాలలో, బైరాన్‌పల్లిలో రజాకార్లు చేసిన ఘోరాలు నిజం. 1948 సెప్టెంబర్ పోలీసు చర్య తర్వాత ఆ రజాకార్ల లెక్కను ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో మామూలు ముస్లింల మీద తీర్చుకున్నదీ నిజం. తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని, విచారణకు నెహ్రూ ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ రాసింది. ఒక సైన్యం చేసిన పనికి ఆ మతంవారందరినీ జవాబుదారు చేయడమంటే ఏమిటో మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు. ఇవాళ పాలస్తీనా జెండా పట్టుకున్న మండిబజార్ కుర్రాణ్ని "హమాస్" అనేవారు చేస్తున్నదీ అదే పని.

ఇక్కడే ఇంకో మాట కూడా తేల్చుకోవాలి. ఇజ్రాయెల్‌ను ఏమన్నా యూదు ద్వేషమేనని నోరు మూయించేవారు ఉన్నారు, వారికి లొంగనక్కర్లేదు. హోలోకాస్ట్ (హిట్లర్ యూదులను చంపిన మారణకాండ) స్మరణ కూటమి 2016లో ఆమోదించిన యూదు ద్వేషం నిర్వచనంలో 11 ఉదాహరణలుంటే వాటిలో 7 ఇజ్రాయెల్‌కు సంబంధించినవే. అది విమర్శకే అడ్డుపడుతోందని 200 మందికి పైగా పండితులు 2021లో జెరూసలేం ప్రకటన తెచ్చారు. దాని ప్రకారం ఇజ్రాయెల్ విధానాలను విమర్శించడం, బహిష్కరణకు పిలుపివ్వడం వాటంతటవే యూదు ద్వేషం కావు. ఇజ్రాయెల్ చేసిన పనికి యూదులందరినీ బాధ్యులను చేయడం, యూదుడు కాబట్టి ముందు ఇజ్రాయెల్‌ను ఖండించి చూపించమనడం యూదు ద్వేషమే. మా పనికి ఆ రెండో కొలత బాగా ఉపయోగపడుతుంది. నెతన్యాహు మీద 2024 నవంబర్ 21న అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు జారీచేసిన వారెంటు గురించి, హైదరాబాద్‌లో డ్రోన్లు తయారుచేసే అదానీ, ఇజ్రాయెల్ ఆయుధ కంపెనీ ఎల్బిట్‌ల ఉమ్మడి కంపెనీ గురించి ఎంత గట్టిగానైనా అరవొచ్చు. గాజాలో జరుగుతున్నది జాతిహననమని 2025 జులైలో ఇజ్రాయెల్‌లోనే బిత్‌సెలెం అనే మానవహక్కుల సంస్థ రాసింది. దాన్ని నడిపేవారిలో యూదులూ ఉన్నారు.

గాంధీజీ మాట లేకుండా మన ప్లకార్డులు ఉండవు. ఇంగ్లండ్ ఇంగ్లిష్‌వారిదైనట్టు పాలస్తీనా అరబ్బులదని 1938 నవంబర్ 26న తన హరిజన్ పత్రికలో ఆయన రాశారు. అదే వ్యాసంలో తన సానుభూతి అంతా యూదులతోనేనని, వాళ్లు క్రైస్తవ లోకపు అంటరానివాళ్లని కూడా రాశారు. ప్లకార్డు వెనకవైపు ఖాళీగానే ఉంటుంది, రెండో మాట అక్కడ రాయొచ్చు.

ఇంత చేసినా ఎవరో ఒకరు ఇంట్లో రాసుకొచ్చిన అట్టతో వస్తారు. పాతికమందికి ఒక వాలంటీరు ఉంటే ముందే కంట పడుతుంది. లాక్కుని చింపొద్దు, చింపే వీడియోనే సాయంత్రానికి తిరుగుతుంది. ఇద్దరు పక్కకు తీసుకెళ్లి, ఇందులో తప్పేమిటో నెమ్మదిగా చెప్పి, వేరే ప్లకార్డు చేతికివ్వాలి. అందుకు పది తెల్ల అట్టలు, రెండు మార్కర్లు దగ్గరుంచుకోవాలి. వినకపోతే అతని ముందు బ్యానర్ తెచ్చి నిలబెట్టి, అది మాది కాదని మైకులో ఒక్కసారి చెబితే చాలు. పర్మిషన్ మీద సంతకం పెట్టినవారు ఇది కూడా ఆలోచించుకోవాలి: మతాల మధ్య శత్రుత్వం రెచ్చగొడితే భారతీయ న్యాయ సంహిత 196 సెక్షన్ కింద మూడేళ్ల దాకా శిక్ష ఉంది, స్టేషన్ నుంచి మొదటి ఫోన్ వచ్చేది వారికే.

చివరగా మీ డెస్కుకు ఒక విన్నపం. వార్తలో "ఇజ్రాయెల్" రెండుసార్లు వచ్చిందని మూడోసారి "యూదు సైన్యం" అని రాయకండి. ఇజ్రాయెల్ పౌరుల్లో దాదాపు ఐదోవంతు అరబ్బులు, ఆ సైన్యంలో అరబ్బీ మాట్లాడే డ్రూజ్ మతస్థులు కూడా ఉన్నారు. బాంబు దాడి వార్తకు ఫైల్ ఫొటో దొరక్కపోతే జెరూసలేం గోడ దగ్గర ప్రార్థన చేసుకుంటున్నవారి ఫొటో వేయకండి. మా ధర్నా ఫొటో వేసేటప్పుడు కింద "యూదులకు వ్యతిరేకంగా నిరసన" అని కాకుండా, పంపిన ప్రెస్‌నోట్‌లో ఉన్నట్టే "గాజాపై దాడులు ఆపాలని" అని వేయండి.

ఇట్లు,
సంఘీభావ ప్రదర్శనల ఏర్పాట్లు చూసే కొందరు,
హన్మకొండ