యాభై రోజుల పాస్కా (ఈస్టర్) పండుగకు తాళం వేసిన విచారణ (పారిష్) నుంచి మేత్రాణుల (బిషప్పు) వారికి బహిరంగ లేఖ

అతి వందనీయులైన మేత్రాణుల వారికి,

పాస్కా కాలం నాలుగవ వారంలో తమ మేత్రాసనపు (డయోసిస్) విశ్వాసురాలు ఒకరు నమస్కరించి రాస్తున్న లేఖ.

ఇది నేను తమకు రాస్తున్న నాలుగవ ఉత్తరం. మొదటి మూడింటినీ తమ కార్యాలయంలో స్వయంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకున్నాను. వాటిలో ఒక్కదానికే జవాబు వచ్చింది. విషయం తమ దృష్టికి వచ్చిందని ఒక వాక్యం, తమ ఆశీస్సులు మాకు ఎల్లప్పుడూ ఉంటాయని మరొక వాక్యం. అందుకు కృతజ్ఞులం. అయితే మాకు కొరతగా ఉన్నది ఆశీస్సులు కావు, గుడి తాళంచెవి. అందుకే ఈసారి కవరు లేకుండా, అందరూ చదివేలా రాస్తున్నాను. తమ అవసరాలను కాపరులకు తెలుపుకునేందుకు శ్రీసభ (కథోలిక సంఘం) చట్టంలోని 212వ నిబంధన విశ్వాసులకిచ్చిన స్వేచ్ఛనే వాడుకుంటున్నాను గనుక దీనిని ధిక్కారంగా తీసుకోవద్దని ప్రార్థన.

రెండేళ్ల క్రితం తమరు విచారణ సందర్శనకు వచ్చి, పీఠం ముందు నిలబడి, పాస్కా కాలమంతా వారపు రోజుల్లో సాయంత్రం దివ్యబలి పూజ ఉంటుందని, కొత్తగా జ్ఞానస్నానం పొందినవారిని పాస్కా కాలపు చివరి రోజైన పెంతెకోస్తు దాకా ప్రత్యేకంగా చూసుకుంటారని, విచారణ సలహా సంఘాన్ని మళ్లీ కూర్చోబెడతామని చెప్పారు. మేమంతా చప్పట్లు కొట్టాం. గుడిలో చప్పట్లేమిటని ఎప్పుడూ కసిరే పెద్దాయన కూడా ఆ రోజు కొట్టారు. అది మొదలు రెండు పాస్కాలు వచ్చాయి. ఇప్పుడు నడుస్తున్నది రెండవది.

ఈ ఏడాది పాస్కా జాగరణలో (పండుగ ముందటి రాత్రి పూజలో) మా గుడిలో ఏడుగురు పెద్దలు జ్ఞానస్నానం పొందారు. వారిలో ఒకామెకు నేను జ్ఞానతల్లిని (గాడ్‌మదర్). దాదాపు ఏడాది పాటు ఆమె ఒక్క ఆదివారం కూడా మానకుండా ఉపదేశానికి వచ్చింది. ఆ రాత్రి తడి జుట్టుతో, తెల్లటి వస్త్రంతో నిలబడి, పాస్కా క్రొవ్వొత్తి నుంచి వెలిగించిన చిన్న వత్తిని పట్టుకున్నప్పుడు కరిగిన మైనం చుక్క ఆమె బొటనవేలి మీద పడింది. ఆమె చెయ్యి కదపలేదు. వత్తి ఆరిపోతుందేమోనని భయపడ్డానని తరువాత చెప్పింది.

పాస్కా తరువాతి ఎనిమిది రోజులూ ఒక్కొక్కటీ మహోత్సవమేనని ఉపదేశంలో నేర్పింది మేమే గనుక, బుధవారం సాయంత్రం ఆమె పని ముగించుకుని అదే తెల్లటి వస్త్రం సంచిలో పెట్టుకుని గుడికి వచ్చింది. గేటుకు తాళం ఉంది. అరగంట నిలబడి నాకు ఫోను చేసి, "అక్కా, నేనేమైనా తప్పు రోజు వచ్చానా?" అని అడిగింది. తప్పు రోజు కాదమ్మా, తప్పు విచారణ అని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

ఆ తరువాతి ఆదివారం, ఏటా ఆ రోజు చదివే సువార్తే చదివారు. శిష్యులు భయంతో తలుపులు మూసుకుని ఉండగా ఉత్థాన ప్రభువు వచ్చి వారి మధ్య నిలిచాడు. మూసిన తలుపుల గుండా లోపలికి రాగల వరం ప్రభువుకు ఉన్నది. మాకు లేదు. పైగా మా తలుపులకు తాళం పడేది బయటి నుంచి.

వయోజనుల క్రైస్తవ ప్రవేశ క్రమం 1972 నుంచి అమలులో ఉంది. కొత్త విశ్వాసులకు పాస్కా ఆదివారాల్లో గుడిలో ప్రత్యేక స్థానం ఇవ్వాలని, ప్రసంగంలోనూ విశ్వాసుల ప్రార్థనలోనూ వారిని తలచుకోవాలని, వీలైతే మేత్రాణులు ఏడాదిలో ఒక్కసారైనా వారిని కలిసి వారితో దివ్యబలి పూజ జరపాలని అది చెబుతుంది. ఇది తమకు నేను చెప్పవలసినది కాదని తెలుసు. కానీ మా ఏడుగురూ ఎక్కడ కూర్చున్నారో ఎవరూ చూడలేదు. మొదటి ఆదివారం ఏడుగురూ వచ్చారు, రెండవ ఆదివారం ఐదుగురు, మూడవ ఆదివారం ముగ్గురు. రానివారి ఇళ్లకు నేనూ మరో జ్ఞానతల్లీ వెళ్లాం. ఒకాయన తలుపు తీసి, "మా పని అయిపోయిందనుకున్నామండి, పేరు రిజిస్టరులో రాసేశారు కదా" అన్నారు. అందులో వెటకారం లేదు. ఆయన నిజంగానే అలా అనుకున్నారు. అదే నన్ను రాత్రంతా నిద్రపోనివ్వలేదు.

పాస్కాకు ముందటి తపస్కాలంలో మాత్రం మా విచారణకు ఏ లోటూ లేదు. శుక్రవారం శుక్రవారం సిలువ మార్గం, పాపసంకీర్తనాలకు బారులు, ధ్యాన ప్రసంగాలు, ప్రత్యేక కానుకల కవర్లు, అన్నిటికీ గోడ మీద పట్టిక. నలభై రోజుల దుఃఖానికి పట్టిక ఉంది, యాభై రోజుల ఆనందానికి లేదు. ఆ యాభై రోజులనూ ఒకే పండుగగా, ఒక మహా ఆదివారంగా జరుపుకోవాలన్నది శ్రీసభ మాట. మా దగ్గర ఆ మహా ఆదివారం సోమవారం ఉదయానికే ముగుస్తుంది.

గత వారం పూలకుండీ కోసం సామాన్ల గదిలోకి వెళితే విరిగిన కుర్చీల వెనుక పాస్కా క్రొవ్వొత్తి పడుకోబెట్టి ఉంది. ఐదు ధూపపు గింజల్లో ఒకటి ఊడిపోయింది. ఈ ఏటి అంకెల మీద అప్పుడే దుమ్ము. పెంతెకోస్తు దాకా పీఠం దగ్గర వెలగవలసిన క్రొవ్వొత్తి అది. ఎవరు తీశారని అడిగితే ఒక పెళ్లికి అలంకరణ చేసేవారు అడ్డంగా ఉందని తీశారట, తిరిగి పెట్టడం ఎవరికీ తోచలేదట. నేనే తుడిచి పెట్టాను. ఆదివారానికి మళ్లీ లేదు.

మంచం పట్టిన వారి సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే రెండవ ఉత్తరంలో నాలుగు పేజీలు రాశాను. పాస్కా కాలంలో దివ్యసత్ప్రసాదం స్వీకరించడం విధి అని 920వ నిబంధన. మా వీధిలో లేవలేని ఒక తల్లి పవిత్ర వారం నుంచి మంచం పక్కన తెల్లగుడ్డ పరిచి, సిలువ పెట్టి ఎదురు చూస్తున్నారు. ఆ విధి ఆమె చేత ఎవరు నెరవేరుస్తారో సెలవియ్యండి.

నేను మా విచారణ గురువులను నిందించడం లేదు. ఒక గురువుకు ఒకే విచారణ ఉండాలని, కొరత ఉన్నచోట మినహాయింపు అని 526వ నిబంధన చెబుతుంది. ఆయనకు మరో విచారణ, పైగా మేత్రాసన కార్యాలయపు బాధ్యత అప్పగించినది తమరే. ఆదివారం మా పూజ ముగిసీ ముగియకముందే ఆయన కారు ఇంజను మోగుతుంది, ఆయన కళ్లు ఎర్రగా ఉంటాయి. అలసిన మనిషిని ఇంకా ఏమి అడుగుతాం? సలహా సంఘం ఉంటే మేమే కొంత మోసేవాళ్లం. సంఘం కార్యదర్శిగా నేను రాసిన మినిట్సు పుస్తకం మూడేళ్ల కిందే ఆగిపోయింది.

పాస్కా రెండవ వారపు శనివారం పఠనం అపొస్తలుల కార్యములు ఆరవ అధ్యాయం. ఆ రోజు గుడి లేదు గనుక ఇంట్లో చదువుకున్నాను. రోజువారీ పంపిణీలో తమ విధవరాండ్రను పట్టించుకోవడం లేదని కొందరు సణిగారు. అపొస్తలులు వారికి ఆశీస్సుల ఉత్తరం పంపలేదు. అందరినీ పిలిచి, మాట్లాడి, ఏడుగురిని ఎన్నుకోమన్నారు. అలా అడిగిన మొదటివాళ్లం మేమేమీ కాదన్న మాట.

పెంతెకోస్తుకు ఇంకా సమయం ఉంది. సాయంత్రపు పూజ అన్ని రోజులూ కుదరకపోతే వారానికి రెండు రోజులైనా ఇప్పించండి. కుదరని రోజున ప్రార్థనకైనా గుడి తెరిచి ఉంచే అనుమతి ఇవ్వండి, తాళంచెవి బాధ్యత మేం తీసుకుంటాం. సలహా సంఘాన్ని పిలవమని ఒక్క మాట రాయండి. రోగుల దగ్గరకు ఎవరినైనా పంపండి. గుడి తెరిపించండి. పైన ఒకసారి అడిగాననుకుంటాను, మళ్లీ అడుగుతున్నాను.

వీటిలో ఏదీ కాకపోయినా, పెంతెకోస్తు లోపు ఒక్క సాయంత్రం తమరే వచ్చి ఆ ఏడుగురినీ కలవండి. రావడం మానేసిన నలుగురినీ ఇళ్లకు వెళ్లి తీసుకొచ్చే పూచీ నాది. తేదీ ఒక రోజు ముందు చెప్పినా చాలు. ఆమె తెల్లటి వస్త్రం ఇంకా సంచిలోనే పెట్టుకుని తిరుగుతోంది.

ఇట్లు,
తమ మేత్రాసనంలోని ఒక జ్ఞానతల్లి