ఇందిరమ్మ ఇంటి గడువులు పంట చూసి పెట్టండి

గౌరవనీయులైన గృహనిర్మాణ, రెవెన్యూ శాఖల మంత్రి శ్రీ పొంగులేటి శ్రీనివాస రెడ్డి గారికి,

నమస్కారం.

తాండూరు చుట్టుపక్కల నల్లరేగడి ఊళ్లలో రెండు మూడెకరాల్లో కంది, పత్తి వేసే రైతులం, ఆ ఊళ్లలోనే ఇళ్లు కట్టే మేస్త్రీలం కలిసి రాస్తున్న లేఖ ఇది. ఇందిరమ్మ ఇంటికి ఇచ్చే 5 లక్షలు పెంచమని అడగడం లేదు. ఆ మాట మీకు రోజూ చేరుతూనే ఉంటుంది. మా గోడు అంతా తేదీల గురించే. మంజూరు పత్రం ఏ నెలలో చేతికొచ్చింది, బేస్‌మెంట్ (గోడల కింద నేల పైకి లేచే పునాది కట్టు) ఏ నెలలో లేచింది, స్లాబ్ ఏ నెలలో పడింది అన్నదాన్ని బట్టే రేగడి నేలలో ఇల్లు నిలవడమో పగలడమో తేలిపోతుంది. ఇప్పుడున్న గడువులకూ పొలం పనులకూ పొంతన లేదు.

చిన్న రైతు ఇంట్లో పొలానికి ఒకరు, ఇంటి పనికి ఒకరు అని వేరుగా ఉండరు. ఆ చేతులే, ఆ బోరే, ఆ డబ్బే. పత్రం మే చివర్లో వచ్చిందనుకోండి, రద్దవుతుందేమోనన్న భయంతో అప్పటికప్పుడు ముగ్గు పోస్తారు. వారం తిరిగేసరికి మృగశిర కార్తె. చేతిలో ఉన్నది విత్తనాలకూ డీఏపీకీ పోతుంది. తొలి లక్ష బేస్‌మెంట్ పూర్తయి, అధికారుల యాప్‌లో దాని ఫొటో ఎక్కాకే పడుతుంది కాబట్టి అప్పటిదాకా పెట్టేదంతా నూటికి రెండు, మూడు రూపాయల వడ్డీకి తెచ్చిందే. అదే పత్రం నవంబర్‌లో ఇస్తే పత్తి డబ్బు కొంత చేతికొచ్చి ఉంటుంది, జనవరిలో కంది అమ్ముతారు. అప్పు లేకుండా బేస్‌మెంట్ లేస్తుంది.

డబ్బు సంగతి అటుంచితే నేల సంగతి ఇంకా ముఖ్యం. రేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి నెర్రెలిస్తుంది. వానాకాలంలో గుంత తీస్తే పక్కలు కూలతాయి, అడుగు బురదవుతుంది. మేలో తీసి వారం రోజులు వదిలేస్తే అడుగున నెర్రెలు పడతాయి, వాటిమీదే కాంక్రీట్ పోస్తే తొలి వానకే నేల పైకి నెడుతుంది. జనవరి, ఫిబ్రవరి సరైన కాలం. అప్పుడు కూడా గుంతలో ఆఖరి అరడుగు మట్టిని ఉంచేసి, అడుగున పరిచే బెడ్ కాంక్రీట్ పోసే రోజు పొద్దున్నే తీయాలి. గట్టి మొరం (గులకతో కూడిన ఎర్రమట్టి) తగిలేదాకా దిగాల్సిందే. ఒక వీధిలో నాలుగడుగులకే తగులుతుంది, పక్క వీధిలో ఎనిమిదడుగులు తవ్వినా నల్లమట్టే వస్తుంది. అంచనా మాత్రం అందరికీ ఒక్కటే.

గుంతలో ఇసుక పోసి తడిపితే చాలనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. రేగడిలో ఆ ఇసుక నీళ్లను పట్టి ఉంచి కింది మట్టికి తాగిస్తుంది, ఉబ్బు మరింత పెరుగుతుంది. అంతకంటే పెద్ద తప్పు బేస్‌మెంట్ లోపల జరుగుతోంది. గుంతల్లోంచి తీసిన నల్లమట్టి పక్కనే కుప్పగా ఉంటుంది, బిల్లుకు తొందర ఉంటుంది. దాన్నే లోపలికి లాగి, పైన ఒక వరుస మొరం కప్పి ఫొటో తీయిస్తారు. రెండేళ్లలో వంటగది బండలు మధ్యలో పైకి లేస్తాయి, తలుపు కింద రాసుకుంటుంది. 450 చదరపు అడుగుల ఇంటికి రెండున్నర అడుగుల ఎత్తు నింపాలంటే, గోడల మందం పోను, గట్టిపడే లెక్క కలుపుకుని 12 నుంచి 14 ట్రాక్టర్ల మొరం పడుతుంది. ఆరేసి అంగుళాల వరసగా పోసి, తడిపి, దిమ్మిస వేయాలి. మేలో ఈ ట్రాక్టర్లు చెరువు మట్టి తోలే పనిలో ఉంటాయి. ఉన్న ఒకటీ అరా మొరం తోలుతూ దారిలో ఆగిపోతాయి, కాగితం లేదని. రెవెన్యూ శాఖ కూడా మీ చేతిలోనే ఉంది. మంజూరు పత్రంతోపాటే ఇన్ని ట్రిప్పుల మొరానికి తహసీల్దార్ అనుమతి కూడా ఇప్పించండి. బేస్‌మెంట్‌లో నల్లమట్టి నింపడం సగానికి సగం అక్కడే ఆగుతుంది.

మొరం దొరకనంత లోతు రేగడి ఉన్నచోట మామూలు పునాదితో లాభం లేదు. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఎన్నడో చూపించిన అండర్ రీమ్డ్ పైల్, అంటే అడుగున గుబ్బలా వెడల్పయ్యే కాంక్రీట్ స్తంభపు పునాది ఉంది. 11, 12 అడుగుల లోతు రంధ్రం, అడుగున రంధ్రం వెడల్పుకు రెండున్నర రెట్ల వెడల్పు గుబ్బ. పైన గోడలను మోసే ప్లింత్ బీమ్, దాని అడుగుకూ నేలకూ మధ్య మూడంగుళాల ఖాళీ. చేత్తో తిప్పి నేలలో రంధ్రం చేసే ఆగర్లతోనే తవ్వొచ్చు. ఆ పనిముట్లు మాత్రం ఏ ఊరి మేస్త్రీ దగ్గరా లేవు. మండలానికి ఒక సెట్, దాన్ని వాడటం నేర్పే రెండు రోజుల శిక్షణ ఇస్తే చాలు.

ఇక స్లాబ్. అదే 450 చదరపు అడుగులకు 5 అంగుళాల మందమంటే దాదాపు 5.3 ఘనపు మీటర్ల కాంక్రీట్, సిమెంట్, ఇసుక, కంకర 1:1.5:3 పాళ్లలో 42 నుంచి 44 బస్తాల సిమెంట్. బస్తాకు 25 లీటర్ల నీళ్లు సరిపోతాయి. కూలీలకు జారుగా ఉంటే పని తేలిక కాబట్టి ఇంకో బకెట్ పడుతుంది, బలం అక్కడే పోతుంది. వానాకాలంలో ఇసుక తడిగా ఉంటే తట్టల లెక్క కూడా తప్పుతుంది. తడి ఇసుక ఉబ్బి ఉంటుంది కాబట్టి తట్ట నిండినా ఇసుక తక్కువే.

ఎండాకాలంలో అసలు చిక్కు క్యూరింగ్, అంటే కాంక్రీట్ గట్టిపడేదాకా తడిగా ఉంచడం. స్లాబ్ మీద మళ్లు కట్టి రెండంగుళాల నీళ్లు నిలపాలంటే మొదటిసారే సుమారు 2,100 లీటర్లు కావాలి. మే ఎండకు రోజుకు సెంటీమీటరు దాకా ఆరిపోతుంది, అంటే రోజూ ఇంకో 400 లీటర్లు. 14 రోజులకు మొత్తం ఏడెనిమిది వేల లీటర్లు. ఆ నెలలో బోరు పోసేదే గంటసేపు. అది కూరగాయల మడికా, పశువులకా, స్లాబ్‌కా? మడి ఎండితే ఆ రోజే కనిపిస్తుంది. స్లాబ్ ఎండితే మూడేళ్లకు గాని కురవదు. అందుకే మూడో రోజు నుంచి గోనెపట్టాల మీద నాలుగు చెంబులు చల్లి సరిపెడతారు. పల్లె ప్రగతి కింద గ్రామ పంచాయతీలకు ట్రాక్టర్, ట్యాంకర్ వచ్చాయి. స్లాబ్ పడ్డ ఇంటికి రెండు వారాలపాటు రెండు రోజులకొకసారి ట్యాంకర్ పంపమని ఒక ఆదేశం ఇవ్వండి. దీనికి కొత్త నిధులు అక్కర్లేదు.

సెంట్రింగ్ (స్లాబ్ గట్టిపడేదాకా కింద ఆనించే చెక్కలు, కర్రలు) కూడా ఇలాంటిదే. అద్దె రోజు లెక్కన నడుస్తుంది, పైగా ఊళ్లో ఇళ్లన్నీ ఒకేసారి మంజూరయ్యాయి కాబట్టి పక్క ఇంటివాళ్లు ఆ చెక్కల కోసం కాచుకుని ఉంటారు. స్లాబ్ కింది కర్రలు కనీసం 7 రోజులు, బీముల కిందివి 14 రోజులు ఉండాలి. బీము కర్రలు పదో రోజుకే ఊడిపోతున్నాయి. మంజూర్లు ఊరికి రెండు విడతలుగా ఇస్తే సెంట్రింగ్‌కూ మేస్త్రీలకూ ఈ పోటీ ఉండదు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా పత్తి ఏరడానికే కూలీలు చాలరు, ఆ నెలల్లో స్లాబ్ గడువు పెట్టడం కాగితం మీద మాత్రమే కుదురుతుంది.

మేము చెప్పే లెక్క ఇది: నవంబర్‌లో పత్రం, జనవరి ఫిబ్రవరిల్లో బేస్‌మెంట్, మార్చిలో గోడలు, ఏప్రిల్ మొదటి పక్షంలో స్లాబ్. నీడ పడ్డాక లోపలి ప్లాస్టరింగ్, బండలు వానాకాలంలో తీరిక దొరికినప్పుడు చేసుకోవచ్చు, వానకు ఆ పనులు ఆగవు. వరి ఊళ్లకు ఈ నెలలు వేరుగా ఉంటాయి. ఏ ఊళ్లో ఏ పంట ఉందో వ్యవసాయ విస్తరణ అధికారి పంటల నమోదులో ఉండనే ఉంది. గృహనిర్మాణ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) ఆ పట్టిక చూసి గడువు రాస్తే సరిపోతుంది.

విస్తీర్ణం గురించి ఒక్క మాట. 600 చదరపు అడుగులు దాటితే బిల్లు ఆగుతుంది. రైతు ఇంట్లో కంది బస్తాలు, పత్తి, యూరియా, స్ప్రేయర్ పెట్టుకోవాలి. వేరుగా వేసే రేకుల కొట్టాన్ని ఈ లెక్కలోంచి తీసేయండి. లేకపోతే యూరియా, సిమెంట్ ఒకే గదిలో పెడుతున్నారు. యూరియా తేమ లాగుతుంది, సిమెంట్ గడ్డకడుతుంది.

చివరి బిల్లుకు ఒక్క షరతు మీరే పెట్టండి: ఇంటి చుట్టూ మూడడుగుల వెడల్పు చప్టా, బయటికి రెండంగుళాల వాలు, స్నానాల గది నీళ్లు దాని అవతల పడే పైపు. రేగడి ఇళ్లలో కిటికీ మూల నుంచి ఏటవాలుగా దిగే పగులు ఎక్కువగా ఆ నీళ్లు ఇంకే మూలనే మొదలవుతుంది, ఎండాకాలంలో వేలు దూరేంత తెరుచుకుని వానాకాలంలో మూసుకుంటుంది. దాన్ని సిమెంట్‌తో పూడ్చి లాభం లేదు. తాండూరు నాపరాయి మా దగ్గర చవకే. ఇప్పుడైతే ఫొటోలో చప్టా ఉందా అని ఎవరూ చూడరు.

ఈ ఏడాది మా వైపు పత్రాలు ఏ నెలలో ఇస్తారో ముందుగా ప్రకటించండి. విత్తనాల డబ్బు, ఇటుకల డబ్బు వేరు చేసి పెట్టుకుంటాం.

ఇట్లు,
తాండూరు ప్రాంత చిన్న రైతులు, మేస్త్రీలు