మా కాగితాలు అడుగుతున్న మీ వెబ్‌సైట్‌కు ఎస్ఎస్ఎల్ ఎందుకు లేదు?

ఖమ్మం

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,
రియల్ ఎస్టేట్ ఏజెన్సీ, హైదరాబాద్.

విషయం: ఎస్ఎస్ఎల్ (వెబ్‌సైట్‌కు వెళ్లే సమాచారాన్ని దారిలో ఎవరూ చదవకుండా, మార్చకుండా కాపాడే ఏర్పాటు) భద్రత లేని వెబ్‌సైట్ ద్వారా కస్టమర్ల ఆధార్, పాన్, బ్యాంకు స్టేట్‌మెంట్లు తీసుకోవడంపై ఫిర్యాదు.

అయ్యా,

పోయిన నెల రెండో శనివారం బాచుపల్లిలో మీరు చూపిస్తామన్న డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ కోసం నేనూ మా వారూ ఖమ్మం నుంచి వచ్చాం. సికింద్రాబాద్ స్టేషన్‌లో దిగి మీరు పంపిన కారు కోసం చూస్తుంటే, మీ ఆఫీసు అబ్బాయి వాట్సాప్‌లో ఒక లింకు పంపి ఫోన్ చేశాడు. "మేడమ్, ఈ లోన్ ఎలిజిబిలిటీ ఫారం ఇప్పుడే నింపేయండి, సైట్ దగ్గరే రేటు మాట్లాడేసుకోవచ్చు" అన్నాడు. నా ఫోన్‌లో సిగ్నల్ సరిగా లేకపోవడంతో స్టేషన్ వైఫైకి కలిపి ఫారం తెరిచాను. పేరు, పుట్టిన తేదీ, జీతం రాశాను. ఆధార్, పాన్, మూడు నెలల పే స్లిప్పులు, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు జత చేశాను. ఉమ్మడి దరఖాస్తుదారుగా మా వారి కాగితాలు కూడా అడిగితే అవీ పెట్టి, సబ్మిట్ నొక్కాను.

రాత్రి ఇంటికి వచ్చాక అదే పేజీ మళ్లీ తెరిచినప్పుడు పైన అడ్రస్ పక్కన 'నాట్ సెక్యూర్' అన్న మాట కనిపించింది. పొద్దున హడావిడిలో నేను చూడలేదు. అది నా తప్పే, ఒప్పుకుంటాను. కానీ ఆ మాట అక్కడ ఉండటం నా తప్పు కాదు. అందుకే ఈ లేఖ.

సోమవారం మీ ఆఫీసుకు ఫోన్ చేశాను. మొదట మాట్లాడినమ్మాయి "అది మీ బ్రౌజర్ ప్రాబ్లం మేడమ్, వేరే దాంట్లో ఓపెన్ చేయండి" అంది. అది బ్రౌజర్ ప్రాబ్లం కాదు. మీ సైట్‌కు ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్ లేదని బ్రౌజర్ నాకు చెబుతోంది, అంతే. గూగుల్ క్రోమ్ 2018 జులై నుంచి హెచ్‌టీటీపీతో, అంటే ఆ భద్రత లేకుండా నడిచే ప్రతి సైట్‌కూ ఈ ముద్ర వేస్తోంది. అంటే ఇన్నేళ్లుగా మీ పేజీ తెరిచిన ప్రతి కొనుగోలుదారుకూ ఆ హెచ్చరిక కనిపిస్తూనే ఉంది.

తర్వాత మీ మేనేజర్ గారు మాట్లాడారు. ఆయన మర్యాదగానే మాట్లాడారు, ఆ మాట చెప్పాలి. "మనం సైట్‌లో ఆన్‌లైన్ పేమెంట్ తీసుకోవడం లేదు కదమ్మా, కార్డు నంబర్లు ఏమీ అడగం. ఎస్ఎస్ఎల్ షాపింగ్ సైట్లకు కావాలి, మనకెందుకు?" అన్నారు. మీ కంపెనీ ఈ విషయాన్ని ఎలా చూస్తోందో ఆ జవాబుతోనే నాకు అర్థమైంది.

నేను 22 ఏళ్లుగా బ్యాంకులో పనిచేస్తున్నాను. కార్డు నంబరు పోతే ఏం చేయాలో మాకు తెలుసు. ఒక్క ఫోన్ కాల్‌తో బ్లాక్ చేస్తాం, వారంలో కొత్త కార్డు వస్తుంది. పాన్ నంబరును అలా మార్చగలమా? పుట్టిన తేదీని? ఆధార్ కాపీ, పే స్లిప్పు, సంతకం ఉన్న పాన్ కార్డు ఫొటో, ఇవన్నీ ఒకే చోట ఒకే మనిషివి దొరికితే, ఆ మనిషి పేరు మీద అప్పు తీసుకోవడానికి కావాల్సిన సరంజామా అంతా చేతికి వచ్చినట్టే. తాము తీసుకోని లోన్ అప్పుల చరిత్ర చూపే సిబిల్ రిపోర్టులో కనిపిస్తోందని మా కౌంటర్ దగ్గరకు వచ్చి బిక్కమొహం వేసుకుని నిలబడిన వాళ్లను నేను చూశాను. అది తమది కాదని నిరూపించుకోవడానికి నెలల తరబడి తిరుగుతారు. కాబట్టి షాపింగ్ సైట్ కన్నా మీ సైట్‌కే భద్రత ఎక్కువ కావాలి. చీర కొనేవాళ్లను ఎవరూ బ్యాంకు స్టేట్‌మెంటు అడగరు.

మా వారికి ఒక అలవాటు ఉంది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు పక్కన జిరాక్స్ షాపుకు వెళ్తే, సరిగ్గా పడని కాపీని కూడా అక్కడ వదిలిపెట్టరు. షాపు అబ్బాయిని అడిగి తీసుకుని, నాలుగు ముక్కలు చేసి జేబులో వేసుకుంటారు. ఇంత జాగ్రత్త ఉన్న మనిషి కాగితాలను నేను స్టేషన్‌లో కూర్చుని, దారిలో ఎవరైనా చదవగలిగేలా పంపించాను. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. కానీ నాకు వారం రోజులు సరిగ్గా నిద్ర పట్టలేదు.

దారిలో ఎవరైనా అంటే ఎవరు? నేను నొక్కిన సబ్మిట్ నేరుగా మీ కంప్యూటర్‌లోకి రాదు. స్టేషన్ వైఫై పెట్టె, ఇంటర్నెట్ కంపెనీ, మధ్యలో ఇంకెన్నో యంత్రాలు దాటుకుని వస్తుంది. హెచ్‌టీటీపీఎస్, అంటే ఎస్ఎస్ఎల్ భద్రతతో నడిచే పేజీ ఉంటే నా ఫోన్‌లోనే సమాచారం గుప్తలిపిగా మారి, మీ సర్వర్ దగ్గరే మళ్లీ విడుతుంది. అది లేకపోతే నా పాన్ కార్డు ఫొటో ఉన్నదున్నట్టుగా ప్రయాణం చేస్తుంది. పాస్‌వర్డ్ లేని వైఫైలో అయితే పక్క బెంచీ మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్న వ్యక్తి కూడా దాన్ని పట్టుకోగలడు. 2010లో ఫైర్‌షీప్ అనే చిన్న ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్ వచ్చి, ఒకే వైఫైలో ఉన్న వేరేవాళ్ల లాగిన్లను ఎంత తేలిగ్గా వాడుకోవచ్చో లోకానికి చూపించింది. ఆ తర్వాత చాలా పెద్ద సైట్లు ఒక్కొక్కటిగా పూర్తిగా హెచ్‌టీటీపీఎస్‌కు మారాయి. నా కాగితాలు ఎవరో దొంగిలించారని నేను అనడం లేదు. దొంగిలించారో లేదో నాకు గానీ మీకు గానీ ఎప్పటికీ తెలిసే దారి లేదు. నన్ను బాధపెడుతున్నది అదే.

ఇంకో విషయం, నా దృష్టిలో ఇది మరీ పెద్దది. మీ సైట్‌లో 'టోకెన్ అడ్వాన్స్' అని ఒక పేజీ ఉంది. అందులో మీ బ్యాంకు ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ కోడ్, యూపీఐ క్యూఆర్ ఉన్నాయి. మేనేజర్ గారు అన్నట్టు అక్కడ పేమెంట్ జరగదు, నిజమే. కొనేవాళ్లు ఆ నంబరు చూసుకుని తమ బ్యాంకు యాప్ నుంచి పంపుతారు. ఎస్ఎస్ఎల్ లేని పేజీని దారిలో చదవడమే కాదు, మార్చేయొచ్చు కూడా. మన దేశంలోనే కొన్ని ఇంటర్నెట్ కంపెనీలు జనం చూస్తున్న హెచ్‌టీటీపీ పేజీల్లోకి తమ ప్రకటనలు జొప్పించిన సంగతి బయటపడింది. ప్రకటన జొప్పించగలిగినప్పుడు ఖాతా నంబరులో నాలుగు అంకెలు మార్చడం ఎంత పని? మీ సర్వర్‌లో అసలు నంబరే భద్రంగా ఉంటుంది. కొనేవాళ్ల ఫోన్‌లో మాత్రం వేరేది కనిపిస్తుంది. పేజీ కింద మీరు వేసుకున్న రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు పరిస్థితీ అంతే.

ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకు డబ్బు పంపే నెఫ్ట్‌లో డబ్బు ఖాతా నంబరును బట్టే జమ అవుతుంది. 2025 ఏప్రిల్ నుంచి ఆర్‌టీజీఎస్, నెఫ్ట్‌లకు ఖాతాదారు పేరు ముందే చూసుకునే సౌకర్యం పెట్టాలని రిజర్వ్ బ్యాంక్ బ్యాంకులకు చెప్పింది. అది మంచిదే. కానీ రియల్ ఎస్టేట్‌లో జరిగేది మీకు తెలియనిది కాదు. బోర్డు మీద ఒక పేరు, ఖాతా ఇంకొకరి పేరు మీద. "అది మా పార్ట్‌నర్ గారి అకౌంటే" అని మీవాళ్లే చెబుతారు. అలా అలవాటు పడ్డ కస్టమర్ తెలియని పేరు కనిపించినా ఆగడు. రెండు లక్షలు పంపేస్తాడు. ఆ తర్వాత సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, పోలీస్ స్టేషన్ మెట్లెక్కి, మా బ్యాంకుకు వచ్చి ఏడవాల్సింది అతనే.

మూడోసారి ఫోన్ చేసినప్పుడు సైట్ చూసే కుర్రాడితో మాట్లాడించారు. సర్టిఫికెట్‌కు ఏటా డబ్బు కట్టాలి, మేనేజ్‌మెంట్ ఒప్పుకోలేదు అని చెప్పాడు. డబ్బు కట్టే సర్టిఫికెట్లు ఉన్న మాట నిజమే. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే లాభాపేక్ష లేని సంస్థ 2015 చివరి నుంచి పైసా తీసుకోకుండా సర్టిఫికెట్లు ఇస్తోంది. గడువు తక్కువగా ఉన్నా, దానంతటదే రెన్యూవల్ అయ్యేలా ఒకసారి పెట్టుకుంటే చాలు. చాలా హోస్టింగ్ కంపెనీల ప్యానెల్‌లో అది ఒక బటన్. మీకు ఉపయోగపడే మాట ఇంకొకటి: సెర్చ్‌లో సైట్ల వరుస నిర్ణయించేటప్పుడు హెచ్‌టీటీపీఎస్‌ను కూడా లెక్కలోకి తీసుకుంటామని గూగుల్ 2014లోనే ప్రకటించింది. మియాపూర్‌లో అంత పెద్ద హోర్డింగ్ పెట్టిన మీకు ఇది ఖర్చు సమస్య అంటే నేను నమ్మలేను. ఎవరూ అడగలేదు కాబట్టి వదిలేశారు.

ఇప్పుడు నేను అడుగుతున్నాను. సర్టిఫికెట్ పెట్టించండి. పెట్టి ఊరుకుంటే సరిపోదు, పాత లింకు నొక్కినవాళ్లు కూడా తప్పనిసరిగా హెచ్‌టీటీపీఎస్ పేజీకే వెళ్లేలా చేయించండి. మీ వాళ్లు వాట్సాప్‌లో పంపుతున్నవన్నీ ఆ పాత లింకులే. అది అయ్యేదాకా లోన్ ఫారాన్నీ టోకెన్ పేజీనీ సైట్ నుంచి తీసేయండి, ఇవాళే. సైట్ విజిట్‌కు పేరు, ఫోన్ నంబరు చాలు. ఫ్లాట్ చూడకముందే బ్యాంకు స్టేట్‌మెంటు మీకెందుకు? ఆధార్ నిజంగా అవసరమైనప్పుడు చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ అడగండి, అది ఆధార్ ఇచ్చే యూఐడీఏఐ సైట్‌లోనే దొరుకుతుంది.

మా ఇద్దరి కాగితాలు మీ సర్వర్‌లో, మీ సిబ్బంది ఈ-మెయిళ్లలో, ఫోన్లలో ఎక్కడెక్కడ ఉన్నాయో అన్నిచోట్లా తొలగించి, తొలగించామని రాతపూర్వకంగా తెలియజేయండి. ఎస్ఎస్ఎల్ అనే తాళం దారికే తప్ప ఇంటికి కాదని నాకు తెలుసు. ఎస్ఎస్ఎల్ ఉన్నంత మాత్రాన లోపల కాగితాలు భద్రంగా ఉన్నట్టు కాదు. అందుకే ఫారంలో వచ్చినవి ఎవరెవరు చూస్తారో, ఎన్నాళ్లు ఉంచుతారో కూడా రాయండి.

చట్టం మాట ఎత్తడం నాకు ఇష్టం లేదు, కానీ మేనేజర్ గారు "ఇదేమీ రూల్ కాదమ్మా" అన్నారు కాబట్టి రాస్తున్నాను. ఐటీ చట్టం 2000లోని 43ఏ సెక్షన్ ప్రకారం, సున్నితమైన వ్యక్తిగత సమాచారాన్ని కాపాడటంలో నిర్లక్ష్యం వల్ల ఎవరికైనా నష్టం జరిగితే కంపెనీ పరిహారం ఇవ్వాలి. బ్యాంకు ఖాతా లాంటి ఆర్థిక వివరాలు ఆ కోవలోకే వస్తాయని ఆ సెక్షన్ కింద వచ్చిన 2011 నిబంధనలు చెబుతున్నాయి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో, తగిన భద్రత పెట్టని వారికి 250 కోట్ల రూపాయల వరకు జరిమానా ఉంది. దాని నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, దశలవారీగా అమలవుతున్నాయి. మీలాంటి సంస్థలు ఇప్పటి నుంచే సర్దుకోవాలి.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో జవాబు కోసం చూస్తాను. రాకపోతే ఇదే ప్రతిని రెరా కార్యాలయానికి, మీరు ఏ బిల్డర్ల ఫ్లాట్లు అమ్ముతున్నారో ఆ బిల్డర్లకు పంపుతాను.

బాచుపల్లి ఫ్లాట్ మా ఇద్దరికీ నచ్చింది. తూర్పు బాల్కనీ, మంజీర నీళ్లు, మా అమ్మాయి కాలేజీకి దగ్గర. వేరే ఏజెంటు దగ్గరకు వెళ్లాలని లేదు. టోకెన్ మాత్రం మీ పేజీలోని నంబరుకు పంపను. మీరు సైట్ సరిచేశామని రాసిన తర్వాత వచ్చే శనివారం సెలవు చూసుకుని మీ ఆఫీసుకే వచ్చి, కంపెనీ పేరు మీద చెక్కు ఇచ్చి, రసీదు తీసుకుంటాను. జవాబును దయచేసి స్పీడ్ పోస్టులో ఇంటి చిరునామాకు పంపండి.

ఇట్లు,
బాచుపల్లి ఫ్లాట్ కోసం వచ్చిన ఖమ్మం కస్టమర్