మా చేను ఏరిన సంఘానికి

అందరికీ ప్రభువు నామంలో వందనాలు.

మా నాయన యాక్సిడెంట్ సంగతి తెలిసి ఫోన్లు చేసినవాళ్ళకు, ప్రార్థన చేసినవాళ్ళకు, డబ్బు పంపినవాళ్ళకు, రక్తం ఇచ్చినవాళ్ళకు మా కుటుంబం తరఫున కృతజ్ఞతలు. పేర్లు మాత్రం రాయడం లేదు. రాస్తే కొందరికి కోపం వస్తుంది, రాయకపోతే కొందరికి వస్తుంది. మా సంఘంలో మొదటి రకంవాళ్ళే ఎక్కువ.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెప్తాను. మొంథా తుఫాను వానలు వెలిసిన తర్వాత, నవంబరు మొదట్లో, నాయన బండి మీద సాగర్ రోడ్డున వస్తూ కొండమల్లేపల్లి దాటాక పడిపోయాడు. తొడ ఎముక విరిగింది. 108లో నల్లగొండకు, అక్కడి నుంచి హైదరాబాద్‌కు తీసుకుపోయారు. రాడ్ వేశారు. ఇప్పుడు ఇంటికొచ్చాడు, బాగున్నాడు, అందరి మీదా కేకలు వేస్తున్నాడు. అంటే నిజంగానే బాగున్నాడన్నమాట.

నాకు హైదరాబాద్‌లో ఉద్యోగం. తమ్ముడు గల్ఫ్‌లో ఉన్నాడు. అమ్మ ఆస్పత్రి వదిలి రాలేదు. ఊళ్ళో రెండు బర్లు, చేలో పగిలి వేలాడుతున్న పత్తి. బర్ల సంగతి పక్కింటి అత్త చూసుకుంది. ఆమె మందిరానికి రాదు, మైసమ్మకు మొక్కుతుంది. నాయన కోసం కూడా మొక్కింది. ఆమెకు మా దండాలు.

ఇక పత్తి. దీని గురించి కొంచెం వివరంగా చెప్పాలి, లేకపోతే మాకు జరిగిన సాయం ఎంతటిదో తెలియదు. 2025-26 సీజన్‌కు పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు పెట్టారు. ఆ ధర మొత్తం చేతికి రావాలంటే తేమ 8 శాతం మించకూడదు. మించితే ఆ మేరకు ధర కోస్తారు. 12 దాటితే ప్రభుత్వ కాటన్ కార్పొరేషన్ (సీసీఐ) సెంటర్‌లో అసలు కొనరు, ప్రైవేటు వ్యాపారి చెప్పిన రేటుకు ఇచ్చి రావాల్సిందే. తుఫానుకు తడిసిన చేను, దాని మీద పొద్దున్నే మంచు. పైగా ఆ సీజన్‌లో సీసీఐ వాళ్ళ కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ బుక్ చేసుకున్నవాళ్ళదే కొంటామన్నారు. నాయన ఫోన్ రోడ్డు మీదే పగిలిపోయింది. మా సంఘం యవ్వనస్థుల కూడికలో గిటార్ వాయించే ఒక కుర్రాడు ఆ సిమ్ తీసి తన ఫోన్‌లో వేసుకుని, ఓటీపీల కోసం మేడ మీద సిగ్నల్ పట్టుకుని కూర్చుని, స్లాట్ సంపాదించాడు. నాకు ఆ టెన్షన్ తెలియనే తెలియదు. అయిపోయాక చెప్పాడు.

శనివారం పొద్దున సంఘం మొత్తం కాకపోయినా సగానికి పైగా మా చేనుకు వచ్చింది. స్త్రీల సమాజం అక్కలు ఒడి కట్టుకుని తయారుగా ఉన్నారు. మా సంఘపెద్ద తాత మాత్రం గెట్టు మీద కూర్చుని ఎవరినీ చేలో దిగనియ్యలేదట. మంచు ఆరాలి అన్నాడు. పిల్లలు విసుక్కున్నారు. "తడిది ఏరి ఎండబోస్తే పై పొర ఎండుతది, లోపల అట్లనే ఉంటది. రేపు మీటర్ పెట్టినప్పుడు ఎవరి మొహం చిన్నబోవాలె?" అన్నాడట. ఎండెక్కాక దిగారు. ప్రతి మనిషికీ రెండు మూటలు, ఒకదాంట్లో తెల్ల పత్తి, ఇంకోదాంట్లో వానకు నల్లబడ్డది. కూలికి వచ్చినవాళ్ళు ఇట్లా ఏరరు. కిలోల లెక్క కదా, వాళ్ళ తప్పేం లేదు.

ట్రాలీకి ఎత్తేటప్పుడు ఊరి పెద్దమనిషి ఒకాయన మా మేలు కోరే ఒక సలహా ఇచ్చాడు. నల్లది అడుగున పోసి పైన తెల్లది పరవమన్నాడు. ఆస్పత్రి ఖర్చులున్నాయి కదా, దేవుడేమీ అనుకోడులే అన్నాడు. చీటీలు నడిపే అక్క చేతిలో మూట కింద పెట్టి, "అన్నా, రేపు ఆ సెంటర్‌కి మళ్ళీ మేమే పోవాలె" అందట. వాక్యం చెప్పలేదు, నీతి చెప్పలేదు. నల్లది పక్కకు పెట్టి తర్వాత తక్కువ రేటుకు అమ్మారు. తెల్లది సెంటర్‌కు పోయింది. అందరి ట్రాలీల్లో పెట్టినట్టే అక్కడివాళ్ళు మోచేతి దాకా చెయ్యి పెట్టి నాలుగు చోట్ల చూశారు. 12 లోపే వచ్చింది. కొంత కోత పడింది, అయినా మేం భయపడిన దానికి అదెంత.

ఇప్పుడు ఊళ్ళో ఒక మాట నడుస్తోంది. ఎవరైనా పనికి ఆలస్యంగా దిగితే "ఏంది, చర్చోళ్ళ లెక్క మంచు ఆరేదాకా కూసున్నవా?" అంటున్నారట. వెటకారమే. నాకు మాత్రం ఆ వెటకారం చాలా నచ్చింది. మా మందిరం గోడ మీద పెద్ద అక్షరాలతో బోర్డు ఉంది. దాన్ని చూసి మా సంఘం గురించి ఎవరైనా ఏమైనా అనుకోగా నేను వినలేదు.

బాప్తిస్మం క్లాసుల్లో పాస్టర్ అయ్యగారు మా ఎం.బి. (మెన్నోనైట్ బ్రెథ్రెన్) సంఘం పుట్టుక చెప్పేవారు. అప్పట్లో పరీక్షలో పాఠంలాగా విన్నాను. 1860 జనవరి 6న, అప్పటి రష్యా సామ్రాజ్యంలో, ఇప్పటి ఉక్రెయిన్ నేల మీద, మెన్నోనైట్లు అనే క్రైస్తవ శాఖవాళ్ళ వలస మొలోచ్నాలో 18 మంది కుటుంబ పెద్దలు ఒక కాగితం మీద సంతకాలు పెట్టి పాత సంఘం నుంచి విడిపోయారు. వాళ్ళ ప్రధాన ఫిర్యాదు నడవడిక గురించే. సంతల్లో తాగి తిరిగేవాళ్ళు ఆదివారం వచ్చి అందరితో కలిసి ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షరసం) తీసుకుంటుంటే పెద్దలు చూసీ చూడనట్టు ఊరుకుంటున్నారని. విడిపోవడమే దానికి మందా అన్నది వేరే ముచ్చట, నాకైతే సందేహమే. ఆ వలసల నుంచే అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు వచ్చి, అమెరికన్ బాప్టిస్టు మిషన్ కింద 1890లో నల్లగొండలో పని మొదలుపెట్టారు. అంటే మా సంఘం వంశవృక్షం వేర్ల దగ్గర ఉన్న ప్రశ్న ఒక్కటే: ఆదివారం మనిషీ సంతరోజు మనిషీ ఒకడేనా? తాతకు ఈ చరిత్ర ఎంత తెలుసో నాకు తెలియదు. మంచు ఆరేదాకా కూర్చోబెట్టడం మాత్రం తెలుసు.

ట్రెజరర్ మామ గురించి చెప్పకపోతే ఈ పోస్టు అబద్ధమవుతుంది. ఆయన రిటైరైన ఆర్టీసీ కండక్టర్. సంఘంలో ఆయన చాదస్తానికి విసుక్కోనివాళ్ళు లేరు. ప్రతినెలా లెక్కలు చదివేటప్పుడు కొవ్వొత్తుల ఖర్చు కూడా చదువుతాడు, పిల్లలు నిద్రపోతారు. అట్లాంటి మనిషి ఆస్పత్రిలో మా పక్కన నిలబడ్డాడు. ఆరోగ్యశ్రీ కాగితాలు, స్కానింగ్ రిపోర్టులు, మందుల బిల్లులు, అన్నిటికీ తారీఖు వేసి, వరుసగా దారం కట్టి ఒక ఫైల్ చేశాడు. కౌంటర్ దగ్గర ఏ కాగితం అడిగినా తడుముకోకుండా తీసిచ్చాడు. కమిటీలో ప్రాణం తీసే గుణమే అక్కడ మా ప్రాణం నిలబెట్టింది. దేవరకొండ బస్టాండ్‌లో మా సంఘం పేరు చెప్తే ఎవరికీ తెలియదు. "టికెట్ వెనక చిల్లర రాసిచ్చి, దిగేటప్పుడు పిలిచి మరీ ఇచ్చే కండక్టర్ లేడా, ఆయన పోయే చర్చి" అంటే "ఓ, ఆ చర్చా" అంటారు.

అందరూ దేవదూతలేం కాదు. మా సంఘంలో ఇద్దరు అన్నదమ్ముల వరస మనుషులకు గెట్టు పంచాయితీ ఉంది, ఏళ్ళుగా మాటల్లేవు. ఇద్దరూ వచ్చారు. పక్కపక్క సాళ్ళలో ఏరారు. ఒకాయన నీళ్ళ బాటిల్ గెట్టు మీద పెడితే ఇంకోడు తాగాడు, అంతే. ఇప్పటికీ మాటల్లేవు. దీన్ని సాక్ష్యంగా మార్చి సమాధానపడ్డారని చెప్పమని ఒకరు అన్నారు. జరగనిది చెప్పలేను. ఆ గొడవ కూడా మా సంఘం మొహంలో భాగమే, ఊరంతటికీ తెలుసు.

ఆస్పత్రి వరండాలో రాత్రిళ్ళు నిద్ర పట్టక బైబిల్లోని చిన్న పత్రికలు, అంటే ఉత్తరాలు, అన్నీ చదివాను. యోహాను మూడో పత్రిక ఒకే అధ్యాయం. అందులో ఆ ఉత్తరం వెళ్ళిన సంఘం సిద్ధాంతం గురించి, కట్టడం గురించి ఒక్క ముక్క లేదు. ముగ్గురు మనుషులున్నారు. దారినపోయే పరదేశులను ఇంట్లో పెట్టుకున్న గాయు, తనే పెద్దగా ఉండాలని వచ్చినవాళ్ళను చేర్చుకోకుండా, చేర్చుకునేవాళ్ళను సంఘం నుంచి వెళ్ళగొట్టే దియొత్రెఫే, అందరివల్ల మంచిపేరు పొందిన దేమేత్రియు. ఇన్ని వందల ఏళ్ళ తర్వాత ఆ సంఘం గురించి మనకు తెలిసింది ఈ ముగ్గురి గుణాలే. గాయు ఆదరించిన పరదేశులు తిరిగిపోయి వేరే సంఘంలో అతని గురించి చెప్పారట. వాళ్ళు చెప్పకపోతే మనకు ఆ సంగతే తెలిసేది కాదు. నేనిప్పుడు ఇక్కడ చేస్తున్నది అదే పని. మా దగ్గరా దియొత్రెఫేలు ఉన్నారు, వాళ్ళకు ఈ పోస్టులో చోటు ఇవ్వడం లేదు.

అయ్యగారికి, అమ్మగారికి ప్రత్యేకంగా వందనాలు. రక్తం కోసం మెసేజ్ పెట్టగానే నల్లగొండ నుంచి రాత్రికి రాత్రి బయలుదేరి వచ్చిన ఇద్దరు కుర్రాళ్ళు ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు, మా సంఘంవాళ్ళు కూడా కాదు. ఈ పోస్టు చూస్తే ఒకసారి మందిరానికి గానీ మా ఇంటికి గానీ రండి, అమ్మ మిమ్మల్ని చూడాలంటోంది. ట్రాక్టర్ కిరాయి తీసుకోని అన్నకు కూడా చెప్తున్నాను, డీజిల్ డబ్బులైనా తీసుకోవాల్సిందే, నాయన ఊరుకోడు.

చివరగా డబ్బు సంగతి. మీరు పంపినదాంట్లో ఖర్చులు పోను కొంత మిగిలింది. లెక్క ట్రెజరర్ మామ రాశాడు. వచ్చే నెల మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక పూర్తిగా చదువుతాడు, ఆటో కిరాయిలతో సహా. మిగిలినది ఎవరి వైద్యానికి ఇవ్వాలో ఆ రోజే తేలుస్తారు, ఎవరైనా అవసరంలో ఉంటే ముందే చెప్పండి. డబ్బు ఇచ్చినవాళ్ళు దయచేసి మధ్యలో లేచి పోవద్దు. లెక్కలు పొడుగ్గా ఉంటాయి, భోజనం మా ఇంట్లోనే.